షల్లూము విందుకు బయల్దేరిన ద్రాక్షారసం

షల్లూము రాజయ్యాడన్న కబురు గొర్రెబొచ్చు కొనేవాళ్ళ నోట మా ఊరు చేరింది. పాత రాజును జనం చూస్తుండగానే చంపి, సింహాసనం ఎక్కాడట. ఆ కబురు వెనకే ఒక రాజోద్యోగి దిగాడు. కొత్త రాజుగారి విందుకు మంచి ద్రాక్షారసం రాజధాని షోమ్రోను కోటకు చేర్చమని చెప్పి పోయాడు.

మంచి రసమంటే మా ఊళ్ళో మా మేనత్త హొగ్లాదే. మొగుడు పోయాక కొండవాలులోని తోటను ఒంటిచేత్తో నిలబెట్టింది. ఆమె తిడితే తీగ కూడా వంకర మానుకుంటుందని ఊళ్ళో అనుకునేవారు.

రసం నింపిన తోలుతిత్తులు మోయడానికి కుమ్మరి బేరీ తన గాడిదల్ని తెచ్చాడు. ఆయనా భార్య పోయినవాడే. ఏటా కోతలప్పుడు కుండలు చూసిపోతానంటూ వచ్చి, అత్తను చూసి పోయేవాడు. ఆ సంగతి అత్తకు తెలుసు, ఊరికీ తెలుసు. ఆయనే నోరు విప్పడు.

వాళ్ళకు తోడుగా నేనూ వెళ్ళాను. అప్పటికి నేను ఇద్దరు పిల్లల తల్లిని.

"ఏమయ్యా బేరీ, నీకంటే నీ గాడిద నయం. అప్పుడప్పుడన్నా అరుస్తుంది," అంది అత్త దారిలో.

"దానికి బాధలున్నాయమ్మా."

"నీకు లేవూ?"

ఆయన గాడిద చెవులకేసి చూస్తూ నడిచాడు.

కోటగుమ్మం దగ్గర కొత్త సైనికులు కనిపించారు. దారిపక్కన ఒలీవలు అమ్ముకునే ముసలమ్మ మా పక్కకు జరిగింది. "షల్లూముని చంపేశారు తల్లీ. తిర్సా నుంచి మెనహేము దండెత్తి వచ్చి తానే రాజయ్యాడు. చచ్చినాయన పేరెత్తారో, మీ తలలు దక్కవు," అని గొణిగింది.

వెనక్కి తిరిగే వీల్లేదు, సైనికులు అప్పటికే మమ్మల్ని చూశారు.

"ఇంత రసం ఎవరి విందుకి?" అన్నాడు వాళ్ళ నాయకుడు.

నేను గాడిద వెనక్కి నక్కాను. అత్త మాత్రం ముసుగు సర్దుకుంది.

"పెళ్ళికి నాయనా."

"ఎవరి పెళ్ళి?"

"నాదే. ఏం, ఈ వయసులో చేసుకోకూడదా? అడుగో, పెళ్ళికొడుకు. కొంత రసం సంతలో అమ్మి ముసుగుకి మంచి గుడ్డ కొందామని వచ్చాం."

నాయకుడు బేరీని ఎగాదిగా చూశాడు. "నిజమేనా పెద్దాయనా?"

బేరీ అత్తవైపు చూశాడు. "నిజమే బాబూ. అడగాలని ఏళ్ళుగా అనుకుంటున్నా. నాకు నోరు రాలేదు, ఆమే చెప్పేసింది."

సైనికులు పగలబడి నవ్వారు. "సంతా లేదు, గింతా లేదు. ఇంటికిపోయి పెళ్ళి చేసుకోండి!" అంటూ ఒక తిత్తి మాత్రం దింపించుకున్నారు.

వెనక్కి చూడకుండా కొండ దిగాం. దిగాక అత్తే అంది: "ప్రాణం మీదికొచ్చి ఏదో అన్నానయ్యా. మనసులో పెట్టుకోకు."

బేరీ గాడిదను ఆపాడు. "నేను మాత్రం ప్రాణం మీదికొచ్చి అనలేదు, హొగ్లా."

ఆయన ఆమెను పేరుపెట్టి పిలవడం నేను అంతవరకూ వినలేదు. అత్త మొహం అటు తిప్పుకుంది. భుజాలు కదులుతుంటే ఏడుస్తోందేమో అనుకున్నాను. ఇటు తిరిగితే నవ్వుతోంది, కళ్ళు తడిగా ఉన్నాయి.

"మరి ఇంకా నిలబడ్డావేం? రసం ఎండకి పాడవుతుంది. నడు!"

ఆ రసం మా ఊళ్ళోనే, వాళ్ళ పెళ్ళిలోనే పారింది. వారమంతా డప్పులు, పాటలు, ఎండుద్రాక్ష ముద్దలు. పెద్దలు కూడా లేచి చిందులేశారు.

పెళ్ళయ్యాక బేరీ కుండలు చేసే తన సారెను అత్త పెరట్లోకి మార్చుకున్నాడు. కుండలు కాల్చే ఆవం దగ్గర మాత్రం పేచీ వచ్చింది. పొగ తీగలకు తగులుతుందని అత్త, తగలదని ఆయన కోతలదాకా వాదించుకున్నారు. చివరికి కొండ దిగువన పెట్టారు. సాయంత్రం పని ముగిశాక ఇద్దరూ ఆ వెచ్చదనం పక్కనే కూర్చుని, ఒకే పళ్ళెంలో రొట్టె విరుచుకు తినేవారు.