తిట్టుకోవడానికి ఒక కుర్చీ

మాది కుర్చీలు బాగుచేసే కొట్టు. ముందుగది కొట్టు, వెనకవన్నీ ఇల్లు. పేము కుర్చీకి కూర్చునే చోటు అల్లాలంటే ఇద్దరుండాలి. నాన్న పైనుంచి పేము బద్దని కన్నంలోకి దించుతాడు. నేను కిందనుంచి అందుకుని పక్క కన్నంలోంచి పైకి పంపుతాను. అంటే ఏడో తరగతి నుంచీ మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ ఒక కుర్చీ ఉంది. నాన్న మొహం కంటే నాన్న వేళ్ళే నాకు బాగా తెలుసు. వేళ్ళతో ఏం మాట్లాడతాం?

అందుకే కాలేజీ దరఖాస్తు కాగితం పది రోజులుగా నా పరుపు కిందే ఉండిపోయింది. పట్నం కాలేజీలో మొక్కల చదువు, హాస్టల్లో రెండేళ్ళు. నాన్న సంతకంతో శుక్రవారం లోపు ఇవ్వాలి. అమ్మకి చెబితే అన్నం ఉడికేలోగా నాన్నకి చెప్పేస్తుంది. అది ఇంకా భయం.

సోమవారం పొద్దున ఒక డాక్టరమ్మ ఆటోలో కుర్చీ వేసుకొచ్చారు. మందులిచ్చే డాక్టరు కాదు, మనసులో బాధలకి మాటలతో వైద్యం చేస్తారట. నాన్న కుర్చీని తిరగేసి చూశాడు.

"ఎవరు కూర్చుంటారమ్మా ఇందులో? బరువెంత ఉంటారు?"

"ఎవరూ కూర్చోరండీ. ఖాళీగానే ఉంటుంది."

"ఖాళీ కుర్చీకి ఇంత చిల్లా?"

"నా దగ్గరికొచ్చేవాళ్ళు అందులో ఎవరో కూర్చున్నట్టు అనుకుని మాట్లాడతారు. అత్తగారో, అన్నగారో, చనిపోయినవాళ్ళో. మనసులో ఉన్నదంతా చెప్పేస్తారు. మొన్న ఒకాయన వాళ్ళ పైఅధికారిని కూర్చోబెట్టి, మాటలు చాలక గుద్దేశాడు."

నాన్న కుర్చీ వైపు జాలిగా చూశాడు. మా కొట్టులో ప్రతి కుర్చీకి ఒక చీటీ కడతాం: ఎవరిది, ఏం పాడైంది, ఎందుకు పాడైంది. మూడో గడిలో నాతో 'తిట్లు' అని రాయించి, అదే రంగు పేము వెతకడానికి లోపలికెళ్తూ, "మా అమ్మాయి మాట్లాడదమ్మా, ఏమీ అనుకోకండి. చేతులు మాత్రం బంగారం" అన్నాడు.

డాక్టరమ్మ నా చేతిలోని చీటీల కట్ట చూశారు. "నోటితో చెప్పలేనిది ఉంటే రాసెయ్. చదివి చించేస్తాను."

ఎందుకు రాశానో తెలీదు. ఎవరిది: నాది. ఏం పాడైంది: అడగలేకపోతున్నా. ఎందుకు: అడిగితే నాన్న తిడతాడు.

"ఈ మాట ఎంత నమ్ముతున్నావు? వందకి?"

"నూట ఇరవై" అన్నాను. ఆ రోజు నా మొదటి మాట అదే.

"సరే. సాక్ష్యం ఏంటి? ఎప్పుడు తిట్టారు?"

ఆలోచించాను. ఒకసారి తొట్టిలో నానబెట్టిన పేము మర్చిపోయి వారం కుళ్ళబెట్టాను. అప్పుడు తిట్టాడు. కానీ తిట్టింది పేముని. "ఏం సరుకిది, వారానికే ఇలా అయిపోతుందా!" అని.

డాక్టరమ్మ నవ్వాపుకున్నారు. "మరి నిన్ను?"

నన్ను ఎప్పుడూ తిట్టలేదు. నూట ఇరవై కాస్తా అరవైకొచ్చింది.

"నాన్న మనసులో మాట నాన్న చెప్పకముందే నువ్వు రాసేసుకున్నావు. ముందు ఆ కుర్చీతో చెప్పి చూడు, తర్వాత కుర్చీలో నువ్వే కూర్చుని నాన్నలా జవాబు చెప్పు. చోటు మారితే కొత్త మాటలొస్తాయి." అని చీటీ నాలుగు ముక్కలు చేసి పర్సులో వేసుకున్నారు.

బుధవారానికి అల్లిక అయిపోయింది. గురువారం మధ్యాహ్నం అమ్మానాన్నా సోఫా ఇచ్చి రావడానికెళ్ళారు. నా స్టూలుకి ఎదురుగా ఆ కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాన్నా" అన్నాను. కుర్చీ ఏమీ అనలేదు. ధైర్యమొచ్చింది. "నేను పట్నం కాలేజీకి వెళ్తాను."

లేచి కుర్చీలో కూర్చున్నాను. నాన్న బల్ల మీద వదిలేసిన కళ్ళజోడు పెట్టుకుని, నుదుటి మీదకి తోసుకుని, పెన్సిల్‌తో చెవి గోక్కుని, గొంతు లావు చేసి, "ఊఁ... చూద్దాం" అన్నాను. మా ఇంట్లో 'చూద్దాం' అంటే ఎవరూ ఎప్పుడూ చూడరని అర్థం.

స్టూలు మీదకొచ్చాను. "చూడ్డానికేముంది? నీ సంతకానికి రేపే ఆఖరు రోజు."

మళ్ళీ కుర్చీలోకి. ఈసారి తిడదామనే నోరు తెరిచాను. "నువ్వెళ్ళిపోతే కిందనుంచి బద్ద ఎవరందిస్తారే నాకు? ఆ స్టూలు ఖాళీగా ఉంటే పని ఎలా సాగుతుంది?" అనేసి నోరు మూసుకున్నాను. ఈ మాట నేను అనుకున్నది కాదు. ఎక్కణ్ణుంచి వచ్చిందో కుర్చీకే తెలియాలి.

"నేను చెవి గోక్కుంటానా?"

గుమ్మంలో నాన్న. వెనక అమ్మ.

"రోజుకి నలభైసార్లు" అంది అమ్మ. "'చూద్దాం' కూడా అచ్చు మీలాగే అంది. మీరు నా ముందే ఉన్నా, లోపల మాట్లాడేది మీరే అనుకున్నాను."

కళ్ళజోడు తీయడం కూడా మర్చిపోయి బిగుసుకుపోయాను. నాన్న వచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"నువ్వు నేనైతే, నేను నువ్వన్నమాట" అని తల దించుకుని గోళ్ళు చూసుకుంటూ ఊరుకున్నాడు.

ఎంతసేపైనా అంతే. గోళ్ళు. నేల. గోళ్ళు.

"ఏదో ఒకటి అడగొచ్చుగా!" అని అరిచాను విసుగొచ్చి.

అమ్మ గోడకి ఆనుకుని నవ్వుతోంది. "ఇన్నేళ్ళూ మీ నాన్న పడ్డ అవస్థ అదేనే తల్లీ."

నాన్న గొంతు సన్నం చేసి, "నాన్నా, ఒక సంతకం పెట్టవా?" అన్నాడు.

"చూద్దాం" అన్నాను. ఆగలేకపోయాను.

"బాగుంది వరస! అడిగేది ఆయన, ఒప్పుకోనిది నువ్వు. పొయ్యి మీద పాలు పెడతాను, పొంగేలోగా తేల్చుకోండి" అని అమ్మ లోపలికెళ్ళింది.

నాన్న లేచాడు. "రా. నీ చోట్లో నువ్వు కూర్చో."

కూర్చున్నాను. నాన్న ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. మధ్యలో ఏమీ లేదు. నాన్న కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉందని అప్పుడే చూశాను. తిడతాడన్న నమ్మకం అరవై కాస్తా ఎనభై అయ్యింది. అయినా నోరు తెరిచాను.

"నాకు ఆ మొక్కల చదువుకి వెళ్ళాలని ఉంది నాన్నా. భయంగా ఉంది, అయినా వెళ్ళాలని ఉంది."

నాన్న చెవి వైపు చెయ్యెత్తి, మధ్యలో ఆపేశాడు. "మొక్కల చదువంటే... పేము కూడా మొక్కేగా?"

"మొక్కే."

"ఎందుకు కుళ్ళుతుందో చెబుతారా?"

"వారం నానబెడితే కుళ్ళుతుంది నాన్నా."

"ఓహో, ఆ రోజు నువ్వేనా!" అన్నాడు. నూట ఇరవైకి సాక్ష్యం ఇప్పుడు తయారవుతుందనుకున్నా. నాన్న పెన్ను అడిగాడు.

శనివారం డాక్టరమ్మ కుర్చీ కోసం వచ్చారు. "ఇంకా అవలేదమ్మా, రెండు రోజులు పడుతుంది" అన్నాడు నాన్న. నేను బిత్తరపోయాను. ఆ కుర్చీకి ఆఖరి ముడి వేసింది నేనే. అమ్మనడిగితే నాన్న వైపు కళ్ళతో చూపించింది.

మధ్యాహ్నం నీళ్ళకని వెళ్తుంటే కొట్టులో మాటలు వినిపించాయి. తలుపు వెనక నిలబడ్డాను. నాన్న ఆ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఖాళీ స్టూలు. నాదే.

"హాస్టల్లో అన్నం బాగోకపోయినా నువ్వు చెప్పవు. అందుకే ముందే చెబుతున్నా. వారం వారం ఉత్తరం రాయాలి. బాగున్నాను అని ఒక్క ముక్క కాదు, రెండు వైపులా రాయాలి. అవతలి వైపు నుంచి బద్ద అందుకోవడం మీ అమ్మకి రాదు, వేలు గుచ్చుకుంటుంది. అది సరే, ఎలాగో..."

వెనక్కి వెళ్ళిపోదామనుకున్నాను. ఎప్పుడూ చేసేది అదే.

"నాన్నా, నేనిక్కడే ఉన్నాను" అన్నాను.

నాన్న తిరిగి చూడలేదు. స్టూలు మీదనుంచి కళ్ళు తీయకుండానే చెయ్యి పైకెత్తాడు.

"ఉండవే, మధ్యలో మాట్లాడకు. ఇంకా దుప్పటి సంగతి చెప్పలేదు."