వైలెవు నదిలో కై

మార్కెట్లో నా వంకాయల బల్ల పక్కనే తోరిక గోనెపట్టా పరిచి కై కుప్పలు పోస్తుంది. కై అంటే నది అడుగున ఇసుకలో ఉండే నల్ల ఆల్చిప్పలు. ఇరవై రెండేళ్లుగా ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటున్నాం. ఆమెది వైలెవు నది మలుపులో ఉన్న ఊరు, పేరు వునిదిలో. నా పేరు గురువమ్మ, మాది చెరకు తోటల వైపు. ఫిజీ భాష నాకు నా తెలుగంత బాగా వచ్చు. తెలుగులో తోరికకు వచ్చినవి తిట్లు మాత్రమే. అవి కూడా నేను నేర్పలేదు, నాతో బేరమాడే మా వాళ్ల దగ్గరే పట్టేసింది.

కై అనే మాట మీద మాకు రోజూ సరదాయే. ఇనుప సామాన్ల షాపు ముసలాయన వచ్చి "కై కుప్పలు ఇవ్వమ్మా" అంటాడు. హిందీలో కై అంటే చాలా అని. తోరిక ఒక్క కుప్ప సంచిలో పోసి, "ఇదిగో కై కుప్ప" అని చేతిలో పెడుతుంది. మా తాత నేర్పిన తెలుగులో కై అంటే చెయ్యి అని నేను చెబితే ఒప్పుకోలేదు.

"చేతిని ఎవరైనా ఉడకబెట్టుకుని తింటారా?" అంది.

"ఫలానా వాళ్ల కోసం అని చెప్పడానికి కూడా కై అంటాం" అన్నాను.

"ఒక్క అక్షరం పెట్టుకుని ఇన్ని పనులు చేయిస్తారా? పిసినారి భాషే మీది!"

జూన్ నెలలో ఒక మంగళవారం తోరిక గోనెపట్టా, కై రెండూ లేకుండా వచ్చింది. చంకలో ఒక లావుపాటి కాగితాల కట్ట ఉంది. దాన్ని నా వంకాయల మీదే పడేసింది.

"చదువు గురమ్మా. మా ఊళ్లో చదివినవాళ్లు ఒక్కొక్కళ్లు ఒక్కోటి చెబుతున్నారు. నువ్వు చదివితే నమ్ముతా."

వైలెవు నదిలో ఇసుక, కంకర తవ్వుకుంటామని ఒక కంపెనీ అర్జీ పెట్టిందని మాకందరికీ తెలుసు. ఆ తవ్వకం వల్ల ఎవరికీ ఇబ్బంది లేదని చూపించడానికి కంపెనీ రాయించిన నివేదిక అది. ఇంగ్లీషులో నూట నలభై పేజీలు. గిరాకీ వస్తే లేస్తూ, పోతే కూర్చుంటూ మధ్యాహ్నం దాకా చదివాను. అరవై ఎనిమిదో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 'వునిదిలో మలుపు వద్ద నదిని వాడుకునే స్థానికులు ఎవరూ లేరు' అని ఉంది.

అది చదివి వినిపించగానే తోరిక లేచి నిలబడింది.

"లేరా? మరి నేనెవరిని? మా అత్త ఎవరు? మా ఇద్దరాడపిల్లలు కాలేజీకి ఎలా వెళ్లారు, గాలి తిని వెళ్లారా?"

"ఆగవే, చూడనీ" అంటూ కట్ట చివరికి వెళ్లాను. ఊరూరా తిరిగి వివరాలు రాసుకున్న కుర్రాడి చేతిరాత కాగితాలు అక్కడ జత చేసి ఉన్నాయి. మార్చి నెల తేదీతో, వునిదిలో రేవు దగ్గర రాసుకున్న ఒకే ఒక్క ముక్క ఫిజీ భాషలో ఉంది: "ఎకే, సెంగా న కై." ఇక్కడ కై లేవు.

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. ఫిజీ భాషలో ఆల్చిప్పా కై అవుతుంది, మనిషీ కై అవుతాడు. కై వీతి అంటే ఫిజీ మనిషి, కై ఇందియా అంటే మా బోటి వాళ్లం. ఈ రెండు మాటలూ చూడ్డానికి ఒక్కటే కానీ ఒక కడుపున పుట్టినవి కావు. తెలుగులో అయితే 'లేరు' అంటే మనుషులనీ, 'లేవు' అంటే ఆల్చిప్పలనీ తెలిసిపోయేది. వాళ్ల భాషలో రెంటికీ 'సెంగా' ఒక్కటే. ఎవరో ఎక్కడో కూర్చుని నిఘంటువు తిప్పి, ఆల్చిప్పలు లేవన్న మాటను మనుషులే లేరని రాసేశారు.

"ఆ రోజు రేవులో వాడితో మాట్లాడింది ఎవరు?" అని అడిగాను.

తోరిక తల పట్టుకుంది. ఆ ముఖం చూడగానే అర్థమైంది, వాళ్ల అత్తే.

సాయంత్రం ఇద్దరం వునిదిలో ఊరికి వెళ్లాం. తోరిక అత్త కెలేరా బామ్మకు ఎనభై దాటాయి. వాకిట్లో చాప అల్లుతోంది.

"అవును, నేనే చెప్పా" అంది తల ఎత్తకుండానే. "ఉన్నాయా అన్నాడు, లేవన్నా. తుఫాను వరద వచ్చి వారం కూడా కాలేదు. మోకాలి లోతు బురద. ఆ బురదలో కై పైకి వచ్చి వాడికి దణ్ణం పెడతాయా?"

"బురద పోయాక వస్తాయని చెప్పొచ్చుగా అత్తా!"

"వాడు అడిగితే చెప్పేదాన్ని. అడిగాడా? బూట్లు తడుస్తాయని గట్టు మీదే నిలబడి, ఒక్క మాట రాసుకుని పోయాడు. ఇప్పుడు తప్పు నాదంటావా?"

తోరికకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కంపెనీ అర్జీ మీద జిల్లా హాల్లో జరిగే విచారణకు ఇంక తొమ్మిది రోజులే ఉన్నాయి. మామూలుగా అలాంటి చోట ఊరి పెద్దే మాట్లాడతాడు, ఆడవాళ్లు వెనక చాపల మీద కూర్చుంటారు. కాగితం సంగతి చెప్పడానికి మేము ఊరి పెద్ద దగ్గరికి వెళ్లాం. ఆయన అంతా విని గడ్డం నిమురుకున్నాడు.

"నేను పుట్టాక ఒక్క ఆల్చిప్ప కూడా తీయలేదు తోరికా. వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే నేను నోరు వెళ్లబెట్టాలి. నీళ్లలో మునిగేది నువ్వు. మాట్లాడేదీ నువ్వే."

"నా వల్ల కాదు పెద్దాయనా. గొంతు లేవదు నాకు."

"మార్కెట్లో నీ గొంతు బస్టాండు దాకా వినపడుతుంది" అన్నాను నేను. ఆయన ముసిముసిగా నవ్వి, ఇక మాట మార్చలేదు.

ఆ తొమ్మిది రోజులూ తోరిక సరిగ్గా తినలేదు. బేరాల మధ్యలో తనలో తను గొణుక్కునేది. ఒక్కోసారి ఉన్నట్టుండి నా వైపు తిరిగి, "నువ్వు లాయరువి, అడుగు" అనేది. నేను అడ్డదిడ్డంగా అడిగేదాన్ని. జవాబు తట్టకపోతే నా వంకాయ తీసి నా మీదకే విసిరేది.

విచారణ రోజున జిల్లా హాలు నిండిపోయింది. యంగొన వేరు పొడిని నీళ్లలో కలిపి అందరికీ పోసి, మర్యాదలన్నీ జరిపి, అధ్యక్షురాలు శ్రీమతి తుయ్‌వంగా కళ్లద్దాలు సర్దుకున్నారు. కంపెనీ తరఫున లాయరు జొవేసా ఉన్నాడు. లవు దీవుల వాడు, ఆరడుగుల మనిషి, మంచి సూటు. ఆయన పక్కన న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి వచ్చిన మావోరీ ఆయన కూర్చున్నాడు. పేరు తమహోవు. ఆ నివేదికను ఇంగ్లీషులో రాసింది ఆయనే. ఊరి పెద్ద లేచి, "మా తరఫున తోరిక నవాలు మాట్లాడుతుంది" అని కూర్చోగానే హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

తోరిక నడుచుకుంటూ ముందుకు వెళ్లింది.

"అమ్మా, ఈ కాగితం మమ్మల్ని లేరంటోంది" అంది. "మా అత్త చెప్పింది ఆల్చిప్పల గురించి. వీళ్లు మనుషులని రాసుకున్నారు."

జొవేసా లేచాడు. "అధ్యక్షా, కై అంటే మనిషి అనే అర్థం కూడా ఉంది. మనమంతా రోజూ వాడే మాటే. నివేదికలో తప్పేం లేదు."

తోరిక ఆయన వైపు తిరిగింది. "నువ్వెవరు నాయనా?"

"నేనా? కై లవు." లవు మనిషిని అని.

"లవు తీసేసి చెప్పు."

ఆయన నోరు తెరిచి, ఆగిపోయాడు. హాలంతా చెవులు రిక్కించింది.

"చెప్పు నాయనా. 'నేను కై' అను, ఊరి పేరు లేకుండా."

"అలా అనరు" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"ఎందుకనరు?"

ఇక తప్పించుకోలేక ఆయనా నవ్వేశాడు. "అంటే నేను ఆల్చిప్పనని అర్థం వస్తుంది."

హాలు గొల్లుమంది. గొంతు లేవదన్న మనిషి గొంతు అప్పుడు లేచింది.

"అదీ సంగతి! మనిషి కై వెంట ఎప్పుడూ ఒక ఊరో దేశమో ఉంటుంది. కై వీతి, కై లవు, కై ఇందియా. ఒంటరిగా నిలబడేది నదిలో కై ఒక్కటే. మా ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలుసు. నూట నలభై పేజీలు రాసినవాళ్లకి తెలియలేదు!"

అప్పుడు తమహోవు, ఎవరూ అడగకుండానే లేచి నిలబడ్డాడు. జొవేసా కోటు అంచు పట్టి లాగినా కూర్చోలేదు. "తప్పు నాది" అన్నాడు. ఆయన ఇంగ్లీషును గుమాస్తా ఫిజీలోకి మార్చి చెప్పాడు. "మా భాషలో కై అంటే తిండి. ఇక్కడ తిండి లేదని రాసి ఉందేంటా అనుకున్నాను. అది కుదరదు కదా అని నిఘంటువు తీశాను. మొదట కనిపించిన అర్థం రాసేశాను. ఇక్కడి మనిషిని ఒక్కరిని అడిగి ఉండాల్సింది. అడగలేదు. క్షమించండి."

ఆయన మీద ఎవరికీ కోపం మిగల్లేదు. తోరిక తల ఊపి, కూర్చోబోయింది. అసలు దెబ్బ అప్పుడు పడింది.

"అధ్యక్షా" అన్నాడు జొవేసా, ఈసారి నవ్వకుండా. "ఆమె మాటే ఒప్పుకుంటున్నాం. కై అంటే ఆల్చిప్పలే. అయితే వాళ్ల ఇంటి మనిషే స్వయంగా, ఇక్కడ ఆల్చిప్పలు లేవని చెప్పింది. లేని ఆల్చిప్పలకి తవ్వకం వల్ల నష్టమేంటి?"

మాట గెలిచి నది పోగొట్టుకున్నామా అనుకున్నాను. తొమ్మిది రోజులూ నేను అడిగిన ప్రశ్నల్లో ఈ ఒక్కటీ లేదు. తోరిక తన చేతుల వైపు చూసుకుంది. ఆల్చిప్పల అంచులు కోసి కోసి వేళ్లన్నీ గీతలే. తల ఎత్తి అధ్యక్షురాలి వైపు తిరిగింది.

"వరద వచ్చిన ఆరో రోజున లేవు. నిజం. మా అత్త అబద్ధం చెప్పదు. బురద పడితే కై కిందికి దిగిపోతాయి. నది బురదను కడుక్కున్నాక పైకొస్తాయి. అమ్మా, నది ఇక్కడికి పావుగంట. కాగితం ఎందుకు? వచ్చి చూడండి."

జొవేసా అభ్యంతరం చెప్పబోయాడు. అధ్యక్షురాలు అప్పటికే కుర్చీ వెనక్కి జరిపారు. "పదండి. బస్సు ఉందా?"

లారీల్లో, బస్సులో, నడుచుకుంటూ హాలు మొత్తం వునిదిలో రేవుకు చేరింది. జూలై నెల, నీళ్లు చల్లగా, అడుగు కనపడేంత తేటగా ఉన్నాయి. పద్నాలుగు మంది ఆడవాళ్లు విచారణకని కట్టుకున్న మంచి బట్టలతోనే, తాడు కట్టిన తొట్లు వెంట లాక్కుంటూ నదిలోకి దిగారు. నడుము లోతులో నిలబడి, పాదాలతో ఇసుకను తడిమి, ఒక్కసారిగా మునిగారు. ఒక్క తల కనపడలేదు. తోరిక అందరికంటే ఆలస్యంగా తేలింది. రెండు గుప్పిళ్లు పైకెత్తింది. వేళ్ల సందుల్లోంచి నల్లగా మెరుస్తూ ఆల్చిప్పలు జారి తొట్లో పడుతుంటే టకటకమని చప్పుడు గట్టుదాకా వినిపించింది.

ఇక ఆగలేదు. మునగడం, తేలడం, టకటకలు. గట్టు మీద మగవాళ్లు గుప్పిళ్లు లెక్కపెట్టడం మానేసి ఈలలు వేశారు. కెలేరా బామ్మ చాప మీద కూర్చునే, "ఆ రాయి పక్కన, ఆ రాయి పక్కన!" అని అరుస్తోంది. అరగంటలో పద్నాలుగు తొట్లూ నిండాయి.

తోరిక నీళ్లోడుతూ గట్టు దగ్గరికొచ్చి జొవేసా ముందు నిలబడింది. "బూట్లు విప్పు నాయనా."

ఆయన విప్పాడు. సూటు ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి దిగాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో కెవ్వుమన్నాడు.

"ఏమైంది?"

"గుచ్చుకుంది! కింద అంతా ఇవే!"

"రాసుకోండమ్మా" అంది తోరిక అధ్యక్షురాలి వైపు తిరిగి, "లాయరుగారు సాక్ష్యం చెబుతున్నారు."

అధ్యక్షురాలు రాసుకోలేదు. చెప్పులు విప్పి, గుమాస్తా చెయ్యి పట్టుకుని ఆవిడే దిగారు. ఒక్క నిమిషం కళ్లు మూసుకుని పాదంతో వెతికారు. వంగి ఒకటి తీశారు. "మా అమ్మ నన్ను వీటి మీదే పెంచింది, రేవా నది దగ్గర" అన్నారు, ఎవరితోనో అన్నట్టు కాదు, ఆ ఆల్చిప్పతో అన్నట్టు.

ఆ మధ్యాహ్నం కంపెనీ వాళ్లూ మేమూ అని తేడా లేకుండా కొబ్బరి పాలల్లో ఉడికించిన కై తిన్నాం. తమహోవు మూడోసారి గిన్నె చాపాడు.

"ఇప్పుడు చెప్పు, కై అంటే ఏంటి?" అని అడిగింది తోరిక.

"తిండి" అన్నాడు ఆయన, నోరు నిండా పెట్టుకుని. "మా భాషే ఒప్పు."

"ఇంకో గరిటె వెయ్యండ్రా ఈయనకి. బాగానే వాదిస్తున్నాడు!"

మూడు వారాల తర్వాత తీర్పు వచ్చింది. మలుపు నుంచి పైకి రెండు కిలోమీటర్లు, కిందికి ఒకటి, తవ్వకం కూడదు. ఆ నీళ్ల మీద వునిదిలో ఆడవాళ్ల వాడుక హక్కును రాతపూర్వకంగా గుర్తించారు. నేను మార్కెట్లో బల్ల ఎక్కి నిలబడి, ఇంగ్లీషులో ఒక వాక్యం, ఫిజీలో ఒక వాక్యం చదివాను. చేపలవాళ్లు, కొబ్బరికాయలవాళ్లు, ఇనుప షాపు ముసలాయన అందరూ చుట్టూ మూగారు. చివరి పేజీలో 'వునిదిలో ఊరి తోరిక నవాలు సాక్ష్యం ఆధారంగా' అన్న చోట తోరిక నన్ను ఆపింది.

"ఆ ముక్క మళ్లీ చదువు."

మళ్లీ చదివాను.

"ఇంకోసారి. గట్టిగా. బస్టాండు దాకా వినపడాలి."

చదివాను. ఆమె చేపల బల్ల మీదున్న శంఖం అందుకుని, బుగ్గలు పూరించి, మార్కెట్టు రేకులు అదిరేలా ఊదింది.