కొనుగోలు గుండు చెప్పిన సాక్ష్యం

నేను ఒక ఇనుప గుండును. నా వీపుమీద "20 కిలోలు" అని పోతపోసిన అక్షరాలున్నాయి. నా ఒంట్లో మాత్రం ఇరవై రెండు కిలోలున్నాయి. ఈ తేడా నేను కోరి తెచ్చుకున్నది కాదు. అబద్ధమాడింది అక్షరం, నా బరువు ఏనాడూ అబద్ధమాడలేదని మొదటే విన్నవించుకుంటున్నాను.

ధాన్యం వర్తకులు సత్యలింగంగారు చెప్పి చేయించగా, మేము నలుగురం ఒకే రోజున ఒకే కొలిమిలో పుట్టాం. ఇద్దరికి చెరి రెండు కిలోలు ఎక్కువ పోశారు. ఇద్దరికి చెరి రెండు కిలోలు తక్కువ పోశారు. నలుగురినీ కలిపి తూచితే సరిగ్గా ఎనభై. లోకంలో చాలా అన్యాయాలు ఇలాగే మొత్తంమీద సరిపోతూ ఉంటాయి. ఎక్కువవాళ్ళకు ఎర్ర చుక్క పెట్టారు. రైతుల దగ్గర వడ్లు కొనేటప్పుడు త్రాసులో మేము కూర్చునేవాళ్ళం. తక్కువవాళ్ళకు తెల్ల చుక్క పెట్టారు. బియ్యం అమ్మేటప్పుడు వాళ్ళు కూర్చునేవారు.

సత్యలింగంగారు నిష్ఠాపరులు. కొలిచేటప్పుడు ఒకటి అనేవారు కాదు, "లాభం" అనేవారు. ఏడు అన్న మాట నోట రానిచ్చేవారు కాదు. ఆ మాటంటే ఇంటికి ఏడుపు వస్తుందని "ఆరున్నొక్కటి" అనేవారు. దొంగ గుండ్ల వల్ల ఎవరింటికి ఏడుపు వస్తుందో ఆ లెక్కలో లేదు.

ఆయనకు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, చివరివాణ్ణి పొరుగింటి ఆవిడకు ఇచ్చేసి, తవుడు తూచి ఇచ్చి తిరిగి కొనుక్కున్నారు. అందుకే వాడి పేరు తవిటేశు. ఆ తవుడు తూచిన రోజున త్రాసులో కూర్చున్నది తెల్ల చుక్క గుండే. కొడుకును కొన్నప్పుడు కూడా ఆయన తక్కువే ఇచ్చారు.

కొంతకాలానికి కొట్లోకి కరెంటు కాటా వచ్చింది. మా పని పోయింది. మమ్మల్ని పాత ఇనుముకు వేయడానికి మనసొప్పక, సత్యలింగంగారు తండ్రిగారి పేరిట ఒక వ్యాయామశాల పెట్టి మమ్మల్ని దానం చేశారు. మా కడియాలకు గొలుసులు తగిలించి ఇనుప కడ్డీలకు రెండు కొసలా వేలాడదీశారు. ఆడపిల్లల కడ్డీకి ఎర్ర చుక్క జంట. మగపిల్లల కడ్డీకి తెల్ల చుక్క జంట. మగపిల్లల్లో ముఖ్యుడు తవిటేశు అని వేరే చెప్పనక్కరలేదు.

అక్కడి నియమాన్ని మెచ్చుకోవలసిందే. కడ్డీని ఆరున్నొక్కటి సార్లు తలపైకి ఎత్తినవారికి కొసకొక చిన్న ఇసుక సంచి కలుపుతారు. మళ్ళీ ఆరున్నొక్కటి దాటితే మరొకటి. ఎవరెంత ఎత్తారో వారం వారం గోడమీద బొగ్గుతో గీస్తారు. తొందర పనికిరాదు, మానడమూ పనికిరాదు. మనిషి కండ ఈ పద్ధతిలోనే పెరుగుతుంది. ఇంత న్యాయమైన పద్ధతిని ఇంత అన్యాయమైన గుండ్లకు తగిలించడం సత్యలింగంగారికే చెల్లింది.

నా కడ్డీ అసిరితల్లి చేతికి వచ్చింది. ముసలమ్మ నరసమ్మకు మనవరాలు. తల్లి జీడిపిక్కలు ఒలిచే కార్ఖానాలో పనిచేసేది. జీడి రసానికి కాలి నల్లబడిన ఆ తల్లి చేతులు చూసి పెరిగిన పిల్ల. దసరా మరునాడు పోటీ పెట్టి, గెలిచిన ఒక్కరిని వ్యాయామశాల తరఫున ఆటల బడికి పంపుతారు. అక్కడ తిండి, చదువు, పడక అన్నీ వాళ్ళే చూస్తారు. ఆ ఒక్కచోటు దక్కకపోతే అసిరితల్లి కూడా జీడిపిక్కల దగ్గర కూర్చోవలసిందే.

పిల్ల చోడి అంబలి తాగి, ఉలవగుగ్గిళ్ళు తిని, ఒక్క వారం మానకుండా నన్ను ఎత్తింది. గోడమీద ఆమె గీత చీమలా పాకింది. పక్కనే తవిటేశు గీత మేకపిల్లలా గెంతింది. మూడో సంచి దగ్గర ఆమె గీత ఆరుమీద ఆగిపోయింది. ఎన్ని వారాలైనా ఆరే.

"ఏటే గుంటా, నీలో పట్టుదల లేదే," అనేవారు సత్యలింగంగారు, చుట్ట నోట్లోంచి తీయకుండా. "మావోడ్ని సూడు. ఆడికి దేవుడిచ్చిన ఒళ్ళది."

"దేవుడు నాకు మాత్రం ఒళ్ళు అప్పిచ్చినాడేటి బావూ?" అనేది అసిరితల్లి, మళ్ళీ వంగుతూ.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు త్రాసును, కత్తిని, సైకిలును పూజించే ఊళ్ళో మమ్మల్ని మాత్రం వదులుతారా? మమ్మల్ని కడ్డీలనుంచి విప్పి, కడిగి, పసుపు రాసి, నలుగురికీ చుక్కలమీదే నిండుగా కుంకుమ బొట్లు పెట్టారు. ఎర్ర చుక్కమీదా కుంకుమే, తెల్ల చుక్కమీదా కుంకుమే. నా జీవితంలో మేము నలుగురం సమానంగా కనిపించింది ఆ ఒక్కరోజే.

మరునాడు పోటీకి ఊరంతా చూడవచ్చింది. తవిటేశు హుషారుగా దొరికిన గుండ్లను దొరికినట్టు తగిలించాడు. నేను కుడి కొసకు వచ్చాను. ఎడమ కొసకు తెల్ల చుక్క తమ్ముడు వచ్చాడు. పైన కొసకు మూడేసి సంచులు సరిసమానంగా కట్టారు. కుర్రవాడు మీసం దువ్వి, కడ్డీ నడిమికి పట్టుకుని, ఒక్క ఊపున లేపాడు.

కడ్డీ త్రాసైంది. నేను దిగాను, తమ్ముడు లేచాడు. తవిటేశు నా వైపు ఒరిగి, రెండడుగులు పక్కకు నడిచి, నాతోపాటు కూలబడ్డాడు.

ఒరిగిన త్రాసును చూసి ఊరుకోవడం ఏ వర్తకుడి తరమూ కాదు. సత్యలింగంగారు ఆసనంమీద నుంచి లేచి కేక పెట్టారు.

"ఓరి తవిటిగా! కొనుగోలు గుండు ఎదర అమ్మకం గుండెట్టీసినావేట్రా, ఎదవా!"

ముందువరసలో కూర్చున్న నరసమ్మ మెల్లగా లేచింది. ఆమె ఏటేటా తన వడ్లు ఆ కొట్లోనే తూయించిన మనిషి.

"సావుకారు బావూ, కొనుగోలు గుండంటే ఏటి? అమ్మకం గుండంటే ఏటి?"

"అదీ... అదంటే... అలవాటు మాటే ముసిలీ!"

"అలవాటు మాటని నాకూ తెలుసు బావూ. ఎన్నేళ్ళ అలవాటో సెప్పు."

మమ్మల్ని నలుగురినీ ఊరేగింపుగా ఆయన కొట్టుకే మోసుకుపోయి, ఆయన కరెంటు కాటామీదే ఎక్కించారు. అంకెలు ఎర్రగా వెలిగాయి. నేను జీవితంలో మొదటిసారి నా అసలు బరువు పదిమంది ఎదుట చదివించుకున్నాను. అంతకన్న గౌరవం నాకు మళ్ళీ జరగలేదు.

"ఇన్నాళ్ళూ నాను ఎత్తింది ఏటి మరి?" అంది అసిరితల్లి. "అయితే ఆ తెల్ల జంటే తగిలించండి. ఇన్నాళ్ళూ ఆడెత్తిందే నానూ ఎత్తుతాను. లెక్క సావుకారే పెట్టాల."

వ్యాయామశాలకు తిరిగి వచ్చి, కొసకు మూడేసి సంచులతో తెల్ల జంటను ఎత్తింది. ముద్దపప్పు గిన్నె ఎత్తినంత తేలికగా ఎత్తింది. సత్యలింగంగారు లెక్కపెట్టారు: "లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు..."

ఆపైన కంగారులో జన్మజన్మల అలవాటు తప్పింది. "ఏడు," అనేశారు. అన్న మాట తన చెవిన పడగానే నోరు మూసుకుని, నిజంగానే ఏడ్చారు. నమ్మకం నిలిచింది, ఏడుపు మాత్రం ఇన్నాళ్ళకు సరైన ఇంటికి వచ్చింది.

తవిటేశు తడిగుడ్డ తీసుకుని, ఎవరూ చెప్పకుండానే గోడమీద తన గీతలన్నీ తుడిచేశాడు. ఆ తరవాత అసిరితల్లి వైపు తిరిగి, "నన్నయితే తవుడికి కొన్నారే అప్పా, ఆ తవుడూ తక్కువే తూచుంటారు," అన్నాడు. ఆమె నవ్వింది. మరుసటి వారం ఆటల బడికి బస్సెక్కింది. బరువు గుండ్లతో మోసపోయిన పిల్ల, ఆ బరువువల్లనే అందరికన్న గట్టిపడింది. దీన్ని సత్యలింగంగారి ఉపకారమని కొందరన్నారు. దెబ్బ తిన్నవాడు లేచి నిలబడితే ఆ ఘనత కొట్టినవాడిది కాదు.

నరసమ్మ తన వడ్ల సంగతి వదల్లేదు. ఫిర్యాదు పెట్టింది. తూనికల అధికారులు వచ్చి మా నలుగురినీ పట్టుకుపోయి, మెడలో చీటీలు కట్టి, ఈ చీకటి గదిలో సాక్షులుగా కూర్చోబెట్టారు. నా చీటీమీద "తప్పుడు బరువు" అని రాశారు. మళ్ళీ అక్షరమే అబద్ధమాడింది.

విచారణ వాయిదా పడుతూనే ఉంది. ఈ గది పైకప్పు కారుతుంది. తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలుతున్నాను. వ్యాయామశాలలో నేర్చిన పద్ధతే: తొందర లేకుండా, ఒక్క వారం మానకుండా, క్రమంగా తగ్గుతున్నాను. ఇలాగే సాగితే ఒకనాటికి నా ఒళ్ళు సరిగ్గా ఇరవై కిలోలకు వస్తుంది. ఆనాడు న్యాయస్థానంలో నన్ను తూచితే సత్యలింగంగారు సత్యవంతులే అవుతారు.

నరసమ్మ పెద్దదైపోతోంది. అయ్యా, నన్ను త్వరగా తూచండి.