వాలు గీతల పెళ్ళి కలం

సోలో అనే ఊరి చివర కుర్చీలు చేసే వీధిలో కార్ఖానాలు చాలానే ఉన్నా, కర్రను గిరగిరా తిప్పి చెక్కే లేత్ ముందు ఆడపిల్ల నిలబడేది మాత్రం సార్జోనో కార్ఖానాలోనే. ఆ పిల్ల పేరు వెనింగ్, సార్జోనో తమ్ముడి కూతురు. పొద్దున కుర్చీ కాళ్ళు తిప్పేది. మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ మిగిలిపోయిన చెక్కముక్కలతో కలాలు చేసేది. నల్లటి జిట్రేగి కర్రను ఏటవాలుగా కోసి, ఆ కోతలో పచ్చటి పనస చెక్క రేకు దూర్చి అతికించి, ఆరాక లేత్ మీద గుండ్రంగా తిప్పితే నలుపు మీద పసుపు చారలు తేలేవి. చూసినవాళ్ళు "రంగు వేశావా?" అనేవాళ్ళు. ఆ మాట వింటే వెనింగ్‌కి ఒళ్ళు మండేది.

పెదనాన్నకు కలాలంటే చిన్నచూపు. "కుర్చీ మీద మనిషి కూర్చుంటాడు. నీ కలం మీద ఏం కూర్చుంటుందే, ఈగా?" అనేవాడు. రెండేళ్ళు ఓర్చుకుని చివరికి ఒక మాట తేల్చేశాడు. ఎయాంగ్ కుస్మీరా మనవరాలి పెళ్ళిలో వధూవరులు సంతకం పెట్టే కలం వెనింగ్ చెయ్యాలి. ముసలావిడ మెచ్చితే మధ్యాహ్నాలు లేత్ ఎప్పటికీ వెనింగ్‌దే. మెచ్చకపోతే కలాలు కట్టిపెట్టి రోజంతా కుర్చీ కాళ్ళే.

ఎయాంగ్ అంటే ఆ పేటకంతటికీ అమ్మమ్మ. బాతిక్ అద్దకం బట్ట మీద యాభై ఏళ్ళు మైనంతో గీతలు గీసిన చెయ్యి ఆవిడది. ఆవిడ బాగుందంటే బాగున్నట్టు, బాగాలేదంటే ఇక దానికి అప్పీలు లేదు.

పెళ్ళి ఎల్లుండి అనగా వెనింగ్ పట్టుగుడ్డలో చుట్టి కలం పట్టుకెళ్ళింది. పక్కన సార్జోనో. వరండాలో పూలు గుచ్చుతున్న ఆడవాళ్ళంతా మూగారు. ఐదు పసుపు గీతలు, ఒకదాని వెనక ఒకటి, ఒకే వాలులో కలం చుట్టూ తిరిగి ఉన్నాయి. అతుకు ఎక్కడా గోటికి తగలదు. "అబ్బ!" అన్నారు. వెనింగ్ గుండె పొంగింది.

ఎయాంగ్ కళ్ళద్దాలు పెట్టుకుంది. ఒకసారి తిప్పి చూసి, చెయ్యి కాలినట్టు పూలపళ్ళెంలో పడేసింది.

"పెళ్ళింటికి పరాంగ్ తెచ్చావటే తల్లీ?"

పూలు గుచ్చే చేతులు ఆగిపోయాయి. వెనింగ్‌కి తల కొట్టేసినట్టయింది. పరాంగ్ అంటే కత్తుల వరసలా వాలుగా సాగే బాతిక్ గీతలు. ఆ గీతల బట్ట కట్టుకుని పెళ్ళికి ఎవరైనా వస్తే గుమ్మంలోనే ఆపి, మార్చుకు రమ్మని పంపేస్తారు. ఆ గీతలు అడుగుపెట్టిన పెళ్ళిలో జంటకు జీవితాంతం కత్తులూ కటార్లేనని నమ్మకం. ఇది సోలోలో పాలుతాగే పిల్లకీ తెలుసు. వెనింగ్ మాత్రం రెండు వారాలు చెక్కనే చూసింది, అతుకునే చూసింది. ఆ గీతల్ని బట్ట మీద ఊహించుకున్న పాపాన పోలేదు.

"తెలీక చేశాను ఎయాంగ్."

"తెలిసి చేస్తే ఊరుకునేదాన్నా? పోనీలే అమ్మా, సంతకానికి అంగట్లో కొన్న పెన్ను చాలు."

కలం తీసుకుని తిరిగి వస్తుంటే దారిలో సార్జోనో నోరు విప్పాడు. "గుడ్డికన్ను మూస్తే ఎంత, తెరిస్తే ఎంత! రేపు సాయంత్రం నీ సామాను తీసెయ్. డైనింగ్ కుర్చీలవి నలభై కాళ్ళున్నాయి."

"సాయంత్రం దాకా లేత్ నాదేగా?"

"నీదే. ఏం చేస్తావ్, దానికి దండ వేస్తావా?"

ఏడుపొచ్చింది. ఏడిస్తే రంపం గీత కనబడదని ఆపుకుంది. కలాలు చేసేటప్పుడు ఒకటి పాడైతే ఇంకోటి ఉండాలని ఆమె ఎప్పుడూ జోడు ముక్కలు అతికించేది. రెండో ముక్క ఇంకా నాలుగు పలకల కర్రగానే డబ్బాలో ఉంది. అందులోనూ అవే ఐదు గీతలు, అదే శాపం. కొత్తది అతికిద్దామంటే ఎండిన జిట్రేగి మరి లేదు. పచ్చిదాంతో చేస్తే నెల తిరక్కుండా అతుకు విడుతుంది.

ముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చుంది. అటు తిప్పితే గీత కుడికి వాలుతుంది. వెనక్కి తిప్పితే అదే గీత ఎడమకి వాలుతుంది. ఆమె చెయ్యి ఆగింది. ప్రతి గీతకూ ఎదురుగా ఇంకో గీత వాలిస్తే?

రంపం అందుకుంది. మొదటి గీత నడిమిని కోసుకుంటూ ఎదురువాలులో కోత వేసింది. అవతలి అంచున వెంట్రుకవాసి వదిలేసింది. అది తెగితే ముక్క రెండవుతుంది. ఇప్పుడు అసలు సంగతి పనస రేకు మందం. రంపం ఎంత తిన్నదో సరిగ్గా అంతే పెట్టాలి. ఎక్కువైతే పాత గీత ఒక పక్కకి జరుగుతుంది, తక్కువైతే ఇంకో పక్కకి. ఏ పక్కకి జరిగినా గీత గీతను కలవదు. రేకును ఉప్పుకాగితం మీద రుద్దింది, దూర్చింది, తీసింది, మళ్ళీ రుద్దింది. చివరికి బొటనవేలు నొక్కుడుకు మెత్తగా జారి కూర్చుంది. జిగురు, బిగింపు, అరగంట ఆగడం. తర్వాత రెండో కోత.

మర్నాడు మధ్యాహ్నానికి ఐదూ అయ్యాయి. నడుమ తొలిచి ఇత్తడి గొట్టం ఎక్కించి, కర్రను లేత్‌కి బిగించింది. అడ్డదిడ్డంగా అతికిన ముక్కకి ఉలి మొద్దుగా తగిలితే పది చెక్కలై ఎగిరిపోతుంది. ఉలికోసం చెయ్యి చాపింది. బల్ల మీద లేదు.

సార్జోనో గుమ్మం దగ్గర గొంతుక్కూర్చుని సానరాయి మీద దాన్ని నూరుతున్నాడు.

"ఈ ఉలితోనా తిప్పేది? దీంతో అరటిపండు కూడా తెగదు," అంటూ తెచ్చి చేతిలో పెట్టాడు. మళ్ళీ వెళ్ళి కూర్చుని, ఓ కుర్చీ కాలు తీసుకుని తిన్నగా ఉందో లేదో చూడసాగాడు. చూపు మాత్రం కాలు మీద లేదు.

లేత్ తిరిగింది. నల్లపొట్టు, పచ్చపొట్టు ఆమె చేతుల మీద రాలాయి. మూలలు పోయి గుండ్రనయింది, గుండ్రనిది సన్ననయింది. లేత్ ఆపి నూనెగుడ్డతో ఒక్కసారి తుడిచింది.

గీతలు లేవు. ఐదు జతల పసుపు ఉంగరాలు, ఒకదాని కడుపులోంచి ఒకటి దూరి, నల్లకర్ర చుట్టూ పెనవేసుకుని ఉన్నాయి. ఒక్క ఉంగరమూ తెగలేదు, ఒక్కటీ పక్కకి జరగలేదు.

వెనింగ్ "పెదనాన్నా!" అని అరిచింది. ఆ అరుపుకి వీధిలో ఇంకో రెండు కార్ఖానాల్లో రంపాలు ఆగాయి.

పెళ్ళిరోజు పొద్దున్నే ఎయాంగ్ మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుంది. ఈసారి చాలాసేపు చూసింది. వేలిగోటితో ఒక ఉంగరం వెంట పోయి, రెండోదాంట్లోకి దిగి, మొదటిదాంట్లోకే వచ్చి తేలింది.

"దీన్ని విడదియ్యాలంటే ఎట్లాగే?"

"కర్ర విరగ్గొట్టాలి ఎయాంగ్. వేరే దారి లేదు."

ముసలావిడ నవ్వింది. "యాభై ఏళ్ళు గీశాను, ఇది నా చేతికి రాలేదు. దీని పేరేమిటి?"

"పేరు పెట్టలేదండీ."

"అయితే నేను పెడుతున్నా. ఇది వెనింగ్ గొలుసు. అందరూ విన్నారా?" వరండాలో ఆడవాళ్ళంతా విన్నారు. అంటే సాయంత్రానికి సోలో అంతా విన్నట్టే.

పెళ్ళికూతురు ఆ కలంతోనే సంతకం పెట్టింది. తర్వాత పెళ్ళికొడుకు, సాక్షులు, చివరికి పెళ్ళి జరిపించిన పెద్దమనిషి పెట్టాడు. ఆయన అలవాటుగా కలాన్ని జేబులో పెట్టుకోబోతే ఎయాంగ్ చెయ్యి పట్టుకు ఆపింది.

విందులో ఆవిడ వెనింగ్‌ని పక్కకి పిలిచింది. "ఆ పరాంగ్ కలం ఏం చేశావు?"

"డబ్బాలో ఉందండీ. విరిచేద్దామనుకుంటున్నా."

"నీ మొహం! నాకియ్యి. పోట్లాడ్డానికి మా ముసలాయన ఎలాగూ లేడు. నాకేం భయం?"

మర్నాడు మధ్యాహ్నం వీధంతా కునుకు తీస్తున్న వేళ వెనింగ్ కార్ఖానాలో కొత్త కర్రకి గీతలు పెడుతోంది. సార్జోనో కుర్చీ కాలొకటి పట్టుకుని లేత్ దాకా వచ్చి, ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, ఇదొక్కటీ తిప్పుకుంటాను. లేత్ ఖాళీయేనా?"

వెనింగ్ తల ఎత్తి, కాసేపు ఆలోచిస్తున్నట్టు నటించింది.

"పొద్దున రా పెదనాన్నా," అంది.