నాలుగో గోడ రంగు

"చెక్కకి రంగెవరూ వెయ్యరు మార్లిస్. దేవుడిచ్చిన రంగు దానికుంది" అన్నాడు డ్వేన్, పేపర్లోంచి తలెత్తకుండా.

అప్పుడు మార్లిస్ మోకాళ్ళ మీద కూచుని హాల్లో గోడలకి నిమ్మనూనె పట్టిస్తోంది. నేల నుంచి కప్పుదాకా మూడు గోడలూ పైన్ చెక్క పలకలే. పలకకీ పలకకీ మధ్య వేలు పట్టనంత సందు, ఆ సందునిండా ఏడాది దుమ్ము. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో గీకి, గుడ్డతో తుడిచి, ఆపైన నూనె రుద్దాలి. చలి తగ్గి కిటికీలు తెరవగానే ఏటా రెండు శనివారాలు దానికే పోతాయి. దేవుడిచ్చిన రంగుకి ఏటా నూనె రాసేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలన్న సంగతి ఇరవై రెండేళ్ళ కాపురంలో డ్వేన్‌కి ఒక్కసారీ తట్టలేదు. మార్లిస్ ఆ మాట అనలేదు. అనకుండా ఉండడం కూడా ఆ ఇంట్లో ఆమె చేసే పనుల్లో ఒకటి.

రంగు మాట ఎందుకొచ్చిందంటే, జూన్‌లో కూతురు గ్రెచెన్ హైస్కూలు చదువు పూర్తవుతుంది. విస్కాన్సిన్‌లో వాళ్ళుండే ఆ చిన్న ఊళ్ళో పిల్లలు హైస్కూలు గట్టెక్కితే ఒక శనివారం ఇంటి తలుపులు బార్లా తెరిచిపెడతారు. ఊళ్ళో సగంమంది వచ్చి హామ్ పెట్టిన బన్నులు, బంగాళాదుంప సలాడు, పిల్ల పేరు రాసిన కేకు తిని, పిల్ల చేతిలో ఒక కవరు పెట్టి వెళ్తారు. వెళ్ళేముందు గోడలు చూస్తారు. ఆ ఏడాది ఎవరింటి పిల్ల చదువు పూర్తవుతోందో తెలుసుకోవడానికి బడిదాకా వెళ్ళక్కర్లేదు, మే నెలలో ఎవరి గుమ్మంలో నిచ్చెన ఉందో చూస్తే చాలు.

హాల్లో కిటికీ ఉన్న నాలుగో గోడ ఒక్కటే మామూలు గోడ. మామగారు ఎల్మర్ ఆ రోజుల్లో మూడు గోడలకి తన చేత్తో పలకలు కొట్టి, నాలుగోదానికి చెక్క చాలక వదిలేశాడట. అది ఏ రంగో చెప్పలేనంత మాసిపోయి ఉంది. మార్లిస్ ముందు అడిగింది ఆ గోడ గురించి కాదు, మొత్తం హాలు గురించి. అందుకే డ్వేన్‌కి దేవుడు గుర్తొచ్చాడు. పేపరు మడిచి, మంచివాడిలా అన్నాడు.

"సరే, ఆ కిటికీ గోడ నీది. నీ ఇష్టమొచ్చిన రంగు వేసుకో. చెక్కకి నప్పాలి, అంతే."

ఆ మాటకి ఆమె గుడ్డ పక్కన పెట్టి లేచి ఆ గోడ దగ్గరికెళ్ళి నిలబడింది. నలభై నాలుగేళ్ళదాన్ని, గోడ ఇస్తానంటే ఇంత సంబరమా అని సిగ్గేసింది కూడా. కానీ ఆ ఇంట్లో ఏది ఆమె ఏరి తెచ్చుకున్నది గనక? మంచం డ్వేన్ పెద్దమ్మది. కర్టెన్లు అత్తగారు కుట్టినవి. పళ్ళేలు పెళ్ళికి ఎవరో ఇచ్చినవి, అంచున గోధుమ కంకులు, ఆమెకి గోధుమ కంకులంటే మొదట్నుంచీ గిట్టదు. పనిచేసే బడి వంటశాలలోనూ అంతే, ఏ రోజు ఏం వండాలో పై ఆఫీసునుంచి కాగితం వస్తుంది, నాలుగువందల మందికి వండి వార్చడం మాత్రం వీళ్ళ వంతు. హెడ్‌మాస్టరు తలుపులోంచి తొంగిచూసి "ఏం అమ్మాయిలూ, ఇవాళేంటి స్పెషలు?" అంటాడు. ఆ అమ్మాయిల్లో అందరికంటే చిన్నదానికి నలభై ఒకటి.

ఆ సాయంత్రమే హార్డ్‌వేర్ షాపుకెళ్ళింది. రంగుల దగ్గర నిలబడే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. "పైన్ చెక్క పాతబడేకొద్దీ నారింజ రంగుకి తిరుగుతుందమ్మా. పక్కన తెలుపు వేశారా, చెక్క ఇంకా ఎర్రగా కొడుతుంది. బూడిదరంగు వేస్తే ఊదాగా కనిపించి ఏడిపిస్తుంది. లేత గోధుమరంగు వేస్తే గోడ కడగలేదేమో అనుకుంటారు. నా మాట విని పచ్చ కలిసిన నీలం చూడండి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి." ఇరవై నమూనా చీటీలు చేతిలో పెట్టింది.

మార్లిస్ వాటిని గోడకి అతికించింది. పొద్దున్న కాఫీ పెట్టేటప్పుడు ఒకసారి చూసేది, మూడింటికి బడినుంచి రాగానే ఒకసారి, గిన్నెలు కడిగాక దీపం వెలుగులో ఒకసారి. పొద్దున్న అందంగా ఉన్నది మధ్యాహ్నానికి దిగులుగా ఉండేది. రోజుకొకటి పీకేసింది. ఒక్కొక్క రంగునీ తన కళ్ళతో చూసి, తన బుద్ధితో కాదనడంలో ఎంత హాయి ఉందో ఆమెకి అంతకుముందు తెలియదు. మూడు వారాలకి ఒకటి మిగిలింది. వాన ముంచుకొచ్చేముందు సరస్సు ఉంటుందే, ఆ రంగు. ఆ చీటీ ఏప్రన్ జేబులో వేసుకుని బడికి వెళ్ళి, పిల్లలకి మొక్కజొన్న వడ్డిస్తూ మధ్యమధ్య తీసి చూసుకునేది.

ఇంట్లోవాళ్ళు మటుకు ఊరుకుంటారా? "ఇదేంటి, పళ్ళడాక్టరు గదిలా ఉంటుంది" అన్నాడు డ్వేన్. "ఏదైతే ఏంటమ్మా, అందరూ కేకు తినడానికేగా వచ్చేది" అంది గ్రెచెన్. చివరికి డ్వేన్ అసలు మాట బయటపెట్టాడు. "ఏం చేసినా అమ్మకి ఒకసారి చూపించు. నాన్న చేతి పని పక్కన ఏది పడితే అది పులిమితే ఆవిడ ప్రాణం విలవిల్లాడుతుంది."

అత్తగారు వెర్నాకి డెబ్భై ఆరేళ్ళు. ఎల్మర్ పోయాక ఇల్లు కొడుక్కి వదిలి, చర్చి పక్కన రెండు గదుల వాటాలో ఉంటోంది. ఆ గోడలంటే ఆవిడకి ప్రాణమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. పెళ్ళైన కొత్తలో మార్లిస్, హాలు చీకటిగా ఉంది తెల్లరంగు వేద్దామా అన్నందుకు డ్వేన్ రెండ్రోజులు మాట్లాడలేదు. మూడో రోజున చెప్పాడు, ఆరేళ్ళ వయసులో తను నాన్నకి మేకులు అందించాడట. చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఇంక ఆ తర్వాత ఎవరు మాత్రం ఏమంటారు?

ఆదివారం చర్చి అయ్యాక వెర్నా భోజనానికి వచ్చింది. డ్వేన్ గ్యారేజీలో రేడియోలో బేస్‌బాల్ వింటున్నాడు. గ్రెచెన్ స్నేహితురాలింటికి వెళ్ళింది. అత్తాకోడళ్ళిద్దరూ వంటింట్లో బంగాళాదుంపలు చెక్కు తీస్తుండగా మార్లిస్ చెయ్యి తుడుచుకుని చీటీ తీసి చూపించింది.

"కిటికీ గోడకి అత్తయ్యా. చెక్కకి నప్పుతుందంటారా?"

వెర్నా కళ్ళజోడు పైకి జరుపుకుని చాలాసేపు చూసింది. "బాగుంది. కానీ ఒక్క గోడకేనా? నేనింకా మొత్తం కప్పేస్తున్నావేమో అనుకున్నాను."

"మొత్తమా? ఆ చెక్కంతానా?"

ముసలావిడ గ్యారేజీ తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "దాన్ని చూస్తే నాకు ఊపిరాడదే. మొదట్నుంచీ అంతే."

మార్లిస్ చాకు పక్కన పెట్టి ఆవిడకి దగ్గరగా జరిగింది.

"ఆ గోడలకి నేను పసుపు రంగు వేసుకున్నాను. లేత పసుపు, వెన్న ఉంటుందే అలా. ఆరో నెల కడుపుతో నిచ్చెనెక్కి వేసుకున్నాను. తర్వాత డ్వేన్ చెల్లెలు పుట్టిందని ఆస్పత్రిలో వారం రోజులున్నాను. తిరిగొచ్చేసరికి ఇంట్లో ఈ చెక్క. ఎల్మర్ గుమ్మంలో నించుని నవ్వుతున్నాడు. పక్కింటివాళ్ళని కూడా పిలిచిపెట్టాడు, నా మొహం చూడ్డానికి. అంతమందిలో చంకలో పిల్లనేసుకుని ఏమంటాను? బాగుందన్నాను. ఒకసారి బాగుందన్నాక ఇంకెక్కడికి తిరుగుతావ్?"

"ఎప్పుడూ చెప్పలేదా ఆయనకి?"

"అడిగాడా?"

"అయితే డ్వేన్‌కి చెబుదాం అత్తయ్యా. మీరు ఒక్క మాటంటే చాలు."

వెర్నా బంగాళాదుంప వైపు చూస్తూ తల అడ్డంగా ఊపింది. "వాడు తండ్రికి మేకులు అందించాడే" అంది.

మార్లిస్ చేతిలో దుంపని గిన్నెలోకి విసురుగా పడేసింది. ఎవరి కోసం ఇరవై రెండేళ్ళు టూత్‌బ్రష్ పట్టుకుని సందులు గీకింది తను? ఆ పలకలంటే నిజంగా ప్రాణమైన ముసలిదాని కోసమైతే సరే. ఈవిడా తనూ ఒకే గోడని ఒకే ఇంట్లో అసహ్యించుకుంటూ, ఒకరి కోసం ఒకరు కాపలా కాస్తున్నారన్నమాట. భోజనాల దగ్గర ఆమె ఇంక ఆగలేకపోయింది.

"డ్వేన్, హాలు గురించి అత్తయ్య ఏదో అంటున్నారు."

"ఏంటమ్మా? రంగు నచ్చలేదా?" అని డ్వేన్ తల్లి వైపు తిరిగి ప్రేమగా నవ్వాడు. "చెప్పాను కదా మార్లిస్, ఆ గోడల జోలికెళ్ళకని. ఆవిడకి అవి ప్రాణం. కదమ్మా?"

వెర్నా ఫోర్కుతో పళ్ళెంలో గ్రేవీని ఒక మూలకి నెట్టింది. తర్వాత, ఎంతో దూరంనుంచి వచ్చినట్టున్న గొంతుతో అంది.

"ఒక్కో పలకా మీ నాన్న తనే కోశాడు."

"అదీ!" అన్నాడు డ్వేన్, వెన్న అందుకుంటూ.

మార్లిస్‌కి అత్తగారి మీద కోపం రాలేదు, భయమేసింది. ఆవిడ అబద్ధం ఆడలేదు. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. రెంటికీ మధ్య అంత ఇరుకు సందులో ముప్పై ఎనిమిదేళ్ళు ఎలా బతికిందో అని మార్లిస్ ఆ వంగిన భుజాల వైపు చూస్తూ కూచుంది. కూర చల్లారిపోయింది. నువ్వేం తినట్లేదేంటని ఎవరూ అడగలేదు.

అయినా ఆ చీటీ ఒకటుంది కదా అనుకుంది. ఒక్క గోడైనా మిగిలింది కదా.

గ్రెచెన్ విందు ఇంకా రెండు రోజులుందనగా, గురువారం మధ్యాహ్నం బడినుంచి వచ్చేసరికి హాలు మధ్యలో రెండు రంగు డబ్బాలు, మీద రోలరు. డ్వేన్ వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చాడు.

"చూశావా? షాపులో ఎవరికో కలిపి ఇచ్చారట, వాళ్ళు నచ్చలేదని తిరిగిచ్చేశారట. షాపువాడు దాదాపు ఊరికే ఇచ్చేశాడు. చెక్కకి ఎలా నప్పుతుందో చూడు!"

మూత తీసి చూసింది. దెబ్బకి అంటించే ప్లాస్టరు రంగు, అటు గులాబీ కాదు ఇటు గోధుమా కాదు.

"నేనొకటి చూసి పెట్టుకున్నాను కదా డ్వేన్."

"నెల్రోజులనుంచి ఆ కాగితాలేసుకుని బుర్ర బద్దలుకొట్టుకుంటున్నావ్. పోన్లే పాపం, నీకు ఆ తలనొప్పి లేకుండా చేద్దామని తెచ్చాను" అన్నాడు. నిజంగానే అలా అనుకున్నాడు, అదే వచ్చిన చిక్కు. తిట్టేవాడితో పోట్లాడొచ్చు, సాయం చేశానని సంబరపడేవాడిని ఏం చేస్తాం? "నువ్వు మొదలుపెట్టెయ్, నాకు నడుం పట్టేసింది. చర్చి హాల్నుంచి బల్లలు తేవాలి" అని ట్రక్కు వేసుకుని వెళ్ళిపోయాడు.

మార్లిస్ మొదలుపెట్టింది. ఎల్లుండి ఎనభైమంది వస్తారు, ఇంకేం చేస్తుంది? రోలరు తడిపిన ప్రతిసారీ ఆ డబ్బా తిరిగిచ్చేసిన మనిషి ఎవరా అనిపించింది. ఆవిడ ఎవరో గానీ ఒక గోడకి ఈ రంగు పూసి, వెనక్కి జరిగి చూసి, ఊహూ ఇది కాదు అనుకుని, మూత బిగించి, కారు వేసుకుని షాపుకెళ్ళి, నాకిది వద్దు అని కౌంటరు మీద పెట్టేసి వచ్చింది. నలుగురిలో నిలబడి వద్దు అంది. తనకి మొహమైనా తెలియని ఆ మనిషి మీద మార్లిస్‌కి ఏడుపొచ్చేంత అసూయ కలిగింది. ఇక్కడ ఆవిడ వద్దన్నదాన్ని తను చేతులారా గోడకి పూస్తోంది, అంచులు చెదరకుండా, చెక్కమీద చుక్క పడకుండా.

గోడ సగమయ్యేసరికి గ్రెచెన్ వచ్చింది, చదువు పూర్తయిన రోజు వేసుకునే గౌను ఇస్త్రీ చేయించుకుని హాంగరుతో సహా భుజాన వేసుకుని.

"అబ్బ, బాగానే ఉందే! నువ్వే ఎంచావా?"

"లేదు. మీ నాన్న తెచ్చాడు." రోలరు కింద పెట్టింది. "నాకు నచ్చలేదు గ్రెచెన్."

ఆ మూడు మాటలూ బయటికొచ్చాక ఆమెకే ఆశ్చర్యమేసింది, పైకప్పు ఊడిపడలేదు.

"నాన్న రాగానే చెప్పేస్తాను" అంది మళ్ళీ.

గ్రెచెన్ గౌను కుర్చీ మీద వేసి, దగ్గరికొచ్చి, తల్లి మోచేతి మీద పడ్డ రంగు చుక్కని బొటనవేలితో తుడిచింది. చాలా మెత్తగా, చిన్నపిల్లకి నచ్చచెప్పినట్టు అంది.

"పోనీలే అమ్మా. గోడేగా. పాపం అంత ఇష్టంగా తెచ్చాడు, ఇప్పుడు బాలేదంటే నాన్న నొచ్చుకుంటాడు."

మార్లిస్ కూతురి మొహం వైపు చూసింది. పద్దెనిమిదేళ్ళు. సెప్టెంబరులో మాడిసన్‌లో కాలేజీకి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత ఎప్పుడో ఎవరింటికో, ఎవరి గోడల మధ్యకో. ఈ మాట దీనికి ఎవరు నేర్పారు? ఏ బళ్ళోనూ చెప్పరే ఈ పాఠం. నాన్న ఇప్పుడే వచ్చాడు, తర్వాత అడుగుదువుగాని. నాన్న అలిసిపోయాడు, నవ్వకు. నాన్నకి అది ఇష్టం, వేరేది తీసుకో. జడలు వేస్తూ, అన్నం పెడుతూ, ఇదే చేత్తో నోటి మీద వేలు పెట్టి చూపిస్తూ తనే నేర్పింది. పిల్ల తెలివైనది, అంతా ఒంటబట్టించుకుంది. ఆ తెలివికి ఎల్లుండి ఊరంతా వచ్చి కేకు తిని వెళ్తుంది.

"నొచ్చుకోనీ" అంది మార్లిస్.

"ఏంటీ?"

బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది. బల్లలు దించుతూ డ్వేన్ ఎవరితోనో పెద్దగా నవ్వుతున్నాడు. గ్రెచెన్ గుమ్మం వైపు చూసి కంగారుగా తల్లి చెయ్యి పట్టుకుంది.

"మెల్లిగా అమ్మా, నాన్న వచ్చేశాడు."

మార్లిస్ గొంతు తగ్గించలేదు.

"నొచ్చుకోనీవే. ఇరవై రెండేళ్ళు నేను నొచ్చుకున్నాను, చచ్చిపోలేదుగా."