లోపల నలభై ఒకటి

మాంసాన్ని గడ్డకట్టే అరలో పెట్టింది పెద్దమ్మే. ఆ సంగతి ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

ముందురోజు రాత్రి ఆమె చెల్లెలి కొడుకు, లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పోర్క్ టెండర్‌లాయిన్ కొని తెచ్చి ఫ్రిజ్ కింది అరలో పెట్టుకున్నాడు. పంది వెన్ను వెంట ఉండే మెత్తటి మాంసం అది. జానెడున్నర పొడుగు, మణికట్టంత లావు. పొద్దున అతను పనికి వెళ్ళగానే పెద్దమ్మకు భయం పట్టుకుంది. సాయంత్రం దాకా కింద ఉంటే పాడైపోదూ? తీసి పైన పెట్టేసింది. నాలుగింటికి చూస్తే కట్టెలా బిగుసుకుపోయి ఉంది. నీళ్ళలో వేసింది, కిటికీ దగ్గర ఎండ పొడకు పెట్టింది. ఆరయ్యేసరికి పైన మెత్తబడింది. లోపలి సంగతి దేవుడికెరుక.

వేరే రోజయితే నవ్వి ఊరుకునేవాడే. కానీ ఈవేళ కోర్టు నుంచి ఆఫీసరమ్మ వస్తోంది.

ఏడాది కిందట అతనూ భార్యా విడిపోయారు. ఎనిమిదేళ్ళ పిల్ల, ఇంట్లో పిలిచేది పిడుగు అని, తల్లి దగ్గరుంటుంది. ఇతనికి ఆదివారాలు మాత్రమే, అదీ సాయంత్రం ఐదున్నర దాకా. ఆదివారం నాలుగు దాటిందంటే ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడరు. చెప్పులు వెతకడం, నీళ్ళ సీసా వెతకడం, గడియారం చూడటం. పిల్ల వెళ్ళాక పెద్దమ్మ ఆ గదిలో దీపం కూడా వేయదు. అందుకే, బడి ఉన్న రోజుల్లో కూడా పిల్ల ఒకటి రెండు రాత్రులు తన దగ్గర పడుకునేలా చూడమని అతను కోర్టును అడిగాడు. పని రోజున అతను పిల్లను ఎలా చూసుకుంటాడో చూసి రాయడానికి వస్తోంది ఆఫీసరమ్మ. ఆమె రాసేదాన్ని బట్టే అంతా.

ఇందులో ఒక మెలిక ఉంది. రెండు నెలల కిందట ఒక ఆదివారం ఇదే మాంసం లోపల ఉడక్కుండా పెట్టాడు. పిల్ల రెండు రోజులు వాంతులు చేసుకుంది. తల్లి మందుల షాపులో పనిచేస్తుంది. తేదీతో సహా కోర్టు కాగితం మీద పెట్టింది.

"మళ్ళీ అదే ఎందుకురా? ఏ కోడిగుడ్లో ఉడకబెట్టి పెట్టరాదూ?" అని పెద్దమ్మ నిన్ననే మొత్తుకుంది.

"పిడుగు అదే అడిగింది పెద్దమ్మా. మానేస్తే, చేతకాక మానేశాడంటారు. ఈసారి మాంసంలో గుచ్చి వేడి కొలిచే పుల్ల కొన్నాగా. అరవై మూడు డిగ్రీలు దాటితే ఇక భయం లేదు."

ఆరుంబావుకు తండ్రీ కూతుళ్ళు వచ్చారు. వెనకే ఆఫీసరమ్మ. నడివయసు మనిషి, చేతిలో ఫైలు. వంటగది గుమ్మం పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. "నేనున్నానని అనుకోకండి. మామూలుగా కానివ్వండి," అంది. పులిని గదిలో కట్టేసి మామూలుగా ఉండమన్నట్టుంది, అనుకుంది పెద్దమ్మ.

అతను మాంసం మీద తెల్లటి పొర గీకేసి, నూనె, ఉప్పు, మిరియాల పొడి, దంచిన వెల్లుల్లి పట్టించాడు. వేళ్ళు విదిలించుకుని, "ఇంత చల్లగా ఉందేంటి?" అన్నాడు.

"ఫ్రిజ్‌లోది చల్లగా ఉండక వేడిగా ఉంటుందా?" అనేసింది పెద్దమ్మ. మాట నోరు దాటాక గానీ అబద్ధమాడానని ఆమెకు తట్టలేదు.

ముక్క ఎయిర్ ఫ్రయర్ బుట్టలో పట్టక ఐమూలగా పెట్టాడు. రెండు వందల డిగ్రీలు, ఇరవై నిమిషాలు. అది బుసకొట్టడం మొదలుపెట్టింది.

"ఆంటీ, మా నాన్న గాలితో వండుతాడు తెలుసా? మంటా ఉండదు, పొగా ఉండదు," అంది పిడుగు.

"మీ నాన్నవన్నీ గాలి పనులేనని మీ అమ్మ అంటుందిగా," అన్నాడతను నవ్వుతూ. అని నాలుక కరుచుకున్నాడు. ఫైల్లో కలం కదిలింది.

పిల్ల హోంవర్కు ముందేసుకుంది. ఒక పొయ్యి మీద బంగాళాదుంపలు, ఇంకో పొయ్యి మీద బీన్సు ఉడుకుతున్నాయి. పెద్దమ్మ ఒక చోట నిలవలేకపోయింది. చెంచాలు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. ఈవేళకి కోర్టు ఇచ్చిన గడువు ప్రకారం ఏడున్నరకల్లా పిల్లను తల్లికి అప్పగించాలి. దారి పావుగంట. ఏడుంబావుకు కదలాలి.

"నానమ్మా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావేంటి?" అంది పిడుగు.

"నోర్మూసుకుని లెక్కలు చెయ్యి."

ఏడుకు ఐదు నిమిషాలుండగా ఎయిర్ ఫ్రయర్ గంట కొట్టింది. బుట్ట లాగితే వెల్లుల్లి వాసన గుప్పుమంది. మాంసం పైన ఎర్రగా, నిగనిగలాడుతూ అందంగా ఉంది. అతను కొలిచే పుల్ల గుచ్చి ఆఫీసరమ్మ వైపు తిప్పాడు. "అరవై ఆరు. చూడండి మేడమ్."

ఆమె తల ఊపి రాసుకుంది. పిడుగు కంచం పట్టుకొచ్చేసింది. అతను కత్తి తీశాడు.

పెద్దమ్మ అంతా చూస్తూనే ఉంది. పుల్ల పైపైనే గుచ్చాడు. ఆఫీసరమ్మ ముందు తొందరపడ్డాడో ఏమో, బొటనవేలి గోరంత లోతుకు కూడా దిగలేదు. చెబితే వీడు ఈవిడ ముందు పలచనైపోతాడు, వేళా మించిపోతుంది, పిల్ల ఇక రాదు. చెప్పకపోతే? కోశాక వాడే చూస్తాడులే అనుకోబోయింది. చూస్తాడా? ఆ ఆదివారం చూశాడా? అప్పుడూ ఇదే కత్తి, ఇదే తొందర.

"ఒరేయ్, మధ్యలోకి గుచ్చు."

"చూశాగా పెద్దమ్మా."

"లోతుకి గుచ్చమంటున్నానా!"

ఆ గొంతుకు పిడుగు కూడా ఉలిక్కిపడింది. అతను కత్తి పక్కన పెట్టి, లావుగా ఉన్నచోట పుల్ల నడిమికంటా దింపాడు. అంకెలు గబగబా దిగాయి. అరవై. యాభై రెండు. నలభై ఐదు. నలభై ఒకటి దగ్గర ఆగాయి.

దుంపల గిన్నె మీద మూత ఒక్కటే టకటకలాడుతోంది.

"పొద్దున పైన అరలో పెట్టాను," అంది పెద్దమ్మ. "నాలుగింటికి తీశాను. నువ్వడిగితే దాచాను. రాసుకో అమ్మా, తప్పు వాడిది కాదు, నాది."

అతను ఆమెను ఏమీ అనలేదు. అనుంటే బాగుండేదనిపించింది ఆమెకు. మాంసాన్ని వేలెడు మందాన గుండ్రంగా ముక్కలు కోశాడు. ప్రతి ముక్కకూ నడుమ తడిగా, పచ్చిమాంసపు గులాబీ రంగు. అది చూసి పిడుగు కంచం వెనక్కి తీసుకుంది. అడుగు కూడా వెనక్కి వేసింది.

"నాకు ఆకలి లేదు," అంది.

అతను పిల్ల ముఖంలోకి ఒక్క క్షణం చూసి, బుట్టలో ఒక వరుస పేర్చాడు. సగమే పట్టాయి. "రెండు వాయిలు. వాయికి ఆరు నిమిషాలు," అన్నాడు తనలో తను. కత్తీ పుల్లా సబ్బుతో కడిగాడు. గడియారం ఏడూ రెండు చూపిస్తోంది.

"ఏడున్నర అని ఆర్డర్లో ఉంది," అంది ఆఫీసరమ్మ. "ఆలస్యమైతే ఆలస్యమనే రాయాలి నేను."

"రాయండి మేడమ్."

"దుంపలు పెట్టి పంపేద్దాం రా," అంది పెద్దమ్మ ఏడుపు గొంతుతో.

"దుంపలు పెట్టి పంపితే, ఇది చూసిన కళ్ళతో వెళ్ళిపోతుంది. వద్దు."

ఫోన్ తీసి భార్యగా ఉండిన మనిషికి చేశాడు. ఆఫీసరమ్మ సైగ చేస్తే స్పీకర్ పెట్టాడు.

"బయల్దేరారా?"

"లేదు. అరగంట ఆలస్యమవుతుంది. మాంసం లోపల ఉడకలేదు. మళ్ళీ వేశాను."

"మళ్ళీ అదేనా? ఒకసారి ఆస్పత్రి చూపించావు, సరిపోలేదా?"

అతను బీన్సు పొయ్యి ఆర్పాడు. ఆమే అడిగింది. "లోపల ఎంతుంది?"

"నలభై ఒకటి ఉండింది. ముక్కలు కోసి వేశాను."

"అరవై మూడు దాటాలి. ఒక్కటి చూసి అన్నీ అయ్యాయనుకోకు. ప్రతి ముక్కా చూడు."

"చూస్తాను."

"మరి ఆ రోజు ఎందుకు చూడలేదు?" అందామె. కోర్టు కాగితాల్లో ఎన్ని ప్రశ్నలున్నా, ఈ ప్రశ్న ఇప్పటిదాకా ఎవరూ అతన్ని అడగలేదు.

"ఐదున్నరకి పిల్లను నీ దగ్గర దింపాలి కదా. గడియారం చూశాను, మాంసం చూడలేదు." కడిగిన పుల్ల తుడిచాడు. "పిడుగును దింపే రోజు నేనేదీ సరిగా చూడను."

ఫోన్ పెట్టేసిందేమో అనుకుంది పెద్దమ్మ.

"చూసే పెట్టు," అని మాత్రం వినిపించింది.

మొదటి వాయి తీసి, ఒక్కో ముక్కలో పుల్ల గుచ్చాడు. అరవై ఎనిమిది. డెబ్బై. అరవై ఏడు. పైకి చదువుతుంటే పిడుగు దగ్గరికి జరిగింది. నాలుగో ముక్కకు పుల్ల తనే లాక్కుని గుచ్చింది. "డెబ్బై రెండు! నాన్నా, ఇది ఫస్ట్ క్లాస్!"

ఆ ముక్కే కంచంలో వేయించుకుంది. కొరికి, నమిలి, ముఖం చిట్లించింది. "కొంచెం ఎండిపోయింది," అంది. అంటూనే ఇంకో ముక్క తీసుకుంది. అతను గోడ వైపు తిరిగి రెండో వాయి పేర్చాడు. ఎంతసేపటికీ ఇటు తిరగలేదు.

పెద్దమ్మతో సహా ముగ్గురూ పిల్ల తల్లి ఉండే మేడ గేటు దగ్గరికి చేరేసరికి ఏడూ యాభై రెండు. ఆమె అప్పటికే కింద నిలబడి ఉంది. పిల్ల నుదురు తడిమింది, పొట్ట తడిమింది. వెనకే ఆఫీసరమ్మ బండి ఆగింది.

"ఇరవై రెండు నిమిషాలు ఆలస్యం. అది రాస్తాను," అంది దిగుతూనే. "ఎందుకు ఆలస్యమైందో కూడా రాస్తాను. ముందు ఒక్క రాత్రితో మొదలుపెట్టి చూడమని రాస్తాను. ఇచ్చేది జడ్జిగారు. మీకేమైనా అభ్యంతరం ఉందా అమ్మా?"

తల్లి పిల్ల బడిసంచీ పట్టీ పట్టుకుని ఉంది. దాన్ని వేలికి చుట్టింది, విప్పింది.

"ఏ వారం?"

"గురువారం," అన్నాడతను. గట్టిగా అంటే మాట వెనక్కి పోతుందన్నట్టు మెల్లగా అన్నాడు.

"అది లైటు ఆర్పితే పడుకోదు."

అతనికి ఆ సంగతి తెలుసు. పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. అయినా, "ఏ లైటు? గదిలోదా, హాల్లోదా?" అని అడిగాడు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది. హాల్లోది, తలుపు బెత్తెడు తెరిచి, దుప్పటి పాదాల దాకానే. అతను కొత్తగా వింటున్నట్టు అన్నిటికీ తల ఊపాడు.

పెద్దమ్మకు సంతోషం పొంగుకు రావాల్సింది. రాలేదు. ఆ పట్టీని చుడుతూ విప్పుతూ ఉన్న వేళ్ళనే చూస్తోంది. ఆదివారం సాయంత్రాలు తన వేళ్ళు కూడా అలాగే ఉంటాయి. ఇక గురువారాలు ఈ మేడ మీద పిడుగు గదిలో దీపం వెలగదు కాబోలు.

అందరూ కదిలాక కోడలు వెనక నుంచి పిలిచింది. విడిపోయాక ఆమె ఆ పిలుపు పిలవడం ఇదే మొదటిసారి.

"పెద్దత్తయ్యా, గురువారం అది ఏడిస్తే నాకు ఫోన్ చేస్తారా?"

"ఏడవకపోయినా చేస్తానే," అంది పెద్దమ్మ.