సగం అతుకు

అతుకు మొదలుపెట్టిన చెయ్యే అతుకు ముగించాలి. గద్వాల మగ్గాల గల్లీలో ఈ మాటకు ఎదురు లేదు. మగ్గం మీద నిలువు దారాల పడుగు నేసి నేసి చివరికొస్తుంది. అప్పుడు కొత్త పడుగు తెచ్చి, పాత పోగు కొనకు కొత్త పోగు కొన కలిపి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ఒక్కొక్కటే. వేల పోగులు. మధ్యలో చెయ్యి మారితే మెలిక మారుతుందట, మెలిక మారితే పడుగంతా పుటుకు పుటుకుమని తెగుతుందట. ఆ చెయ్యి ప్రతి ఇంట్లోనూ ఆడదానిదే ఎందుకయిందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ నియమానికి సాక్ష్యంగా వసంత అత్త సత్తెమ్మ దగ్గర ఒక కథ ఉంది. సత్తెమ్మకు అత్త అయిన అమృతమ్మ నిండు నెలలతో అతుకు మీద కూర్చుందట. సగంలో నొప్పులొచ్చాయట. పక్కకు ఒరిగి కొడుకును కన్నది, ఆ పట్టుపోగుతోనే బొడ్డు ముడేసింది, బిడ్డను ఒళ్లో వేసుకుని మిగిలిన సగం అతికి మరీ లేచింది. "బిడ్డ పుట్టిండు గని అతుకు ఆగలే!" అని సత్తెమ్మ గాలిలో చెయ్యి తిప్పుతుంది. ఈ కథ ఒక్కచోట నిలిచేది కాదు. వసంత కోడలిగా వచ్చిన కొత్తలో ఆ బిడ్డ అతుకు అయ్యాక పుట్టాడు. కొన్నేళ్లకు సగంలో పుట్టాడు. ఈమధ్యనైతే పుట్టీ పుట్టగానే తల్లికి బూడిద కూడా అందించాడు. ఇంకొన్నాళ్లు ఆగితే వాడే నాలుగు పోగులు అతికేలా ఉన్నాడు.

అట్లాంటి ఇంట్లో, బుధవారం పొద్దుగూకే వేళ, వసంత మొగుడు మల్లికార్జున్ కొత్త పడుగు భుజాన మోసుకొచ్చి మగ్గం పక్కన దించాడు. వసంత గుండె కూడా దాంతోపాటే దిగింది.

"రేపు పదకొండు గంటలకు నాకు ఇంటర్వ్యూ ఉన్నది గదా," అంది.

"ఉంటే ఉండనియ్. నేనొద్దన్ననా? పోయిరమ్మనే చెప్పిన."

నిజమే, చెప్పాడు. ఆమెకు చెప్పడమే కాదు, గల్లీ అంతా తిరిగి చెప్పాడు. కోట కట్టిన నాటినుంచి గద్వాలలో పెళ్లాన్ని ఉద్యోగానికి పంపే మగాడు తానొక్కడే అయినట్టు, హోటల్లో చాయ్ తాగేవాళ్లను ఆపి మరీ చెప్పాడు.

"పొద్దుగాల జర ముందు లేసి కూసో. పదకొండు దాంక అతుకు అయిపాయె. చీర మార్చుకొని పో. ఎవలొద్దన్నరు?"

తెల్లారి కూర్చుంటే దీపాల వేళ దాకా పట్టే పని అది. ఆ సంగతి ఈయనకు తెలియకనా, తెలిసేనా? వసంతకు అంతుపట్టలేదు. ఉద్యోగం మాట వచ్చిన ఈ నాలుగు రోజుల్లో ఆమెకు అంతుపట్టనివి ఇప్పటికే గంపెడున్నాయి. దీన్నీ ఆ గంపలోనే వేసింది.

ఉద్యోగం కొత్త బస్టాండు దారిలో తెరిచిన సూపర్ మార్కెట్లో, గల్లా దగ్గర. పక్కింటి సౌజన్య అక్కడే బట్టల సెక్షన్‌లో పనిచేస్తుంది. "క్యాషియర్ కోసం సూస్తున్నరు అక్కా, ఇంటర్ సదివినోళ్లు చాలంట," అని ఆ పిల్లే కబురు మోసుకొచ్చింది. ఇంటర్ వసంత చదివింది, పుట్టిల్లు ఇటిక్యాల నుంచి రోజూ బస్సులో నిలబడి వచ్చి చదివింది. వెంటనే సరేనంది. ఎందుకు సరేనన్నదో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

కిందటి నెల ఉప్పు, సబ్బులు తేవడానికి ఆ దుకాణానికి పోయింది. గల్లా దగ్గర ఒకామె కుర్చీలో కూర్చుని ఉంది, తన వయసే ఉంటుంది. ఇంతలో ఒక భారీ మనిషి అందరినీ తోసుకుంటూ వచ్చాడు. మీసం మీద నిమ్మకాయ పెడితే జారదు, అంత మీసం. "ముందుగాల నాది కొట్టు," అన్నాడు. ఆమె తల కూడా ఎత్తలేదు. చూపుడు వేలు పైకెత్తి, "ఒక్క నిమిషం," అంది. అంతే. మీసం ఆగిపోయింది. ముకుతాడు పట్టిన జాతర ఎద్దులా ఆగి, నిమిషం కాస్తా మూడు నిమిషాలైనా కదలలేదు. వసంత ఉప్పు ప్యాకెట్ చంకలో పెట్టుకుని ఆ వేలునే చూస్తూ నిలబడిపోయింది. ఇంటికొస్తూ దారిలో, ఎవరూ చూడకుండా, తన వేలు ఒకసారి ఎత్తి చూసుకుంది. అది బాగానే లేచింది. లేస్తే ఆగేవాళ్లే లేరు. "వసంతా, దారం కండె అయిపోయింది," అని మొగుడు కాళ్లు దింపి కూర్చునే మగ్గం గుంటలోంచి కేక వస్తే చేతికి రొట్టెపిండి ఉన్నా లేవాలి. "వసంతా, నా షుగరు గోలీలేవే," అని అత్త అంటే నోట్లో ముద్ద ఉన్నా లేవాలి. ఒక్క నిమిషం అనే మాట ఆ ఇంట్లో ఆమె నోటి దాకా ఎప్పుడూ వచ్చి ఉండదు, దారిలోనే ఎవరో ఒకరు పిలిచి ఉంటారు.

ఆ బుధవారం సాయంత్రం రొట్టెలు చేస్తుంటే సౌజన్య వచ్చి పొయ్యి పక్కన పీట వేసుకుంది.

"నేను సార్‌ను. నువ్వు ఇంటర్వ్యూకు వచ్చినవ్. చెప్పండి మేడమ్, మీ గురించి చెప్పండి."

వసంత పిండి ముద్ద చేతుల్లో తిప్పింది. "మా ఆయన చీరలు నేస్తడు సార్."

"మీ ఆయనకు కాదక్కా ఉద్యోగం."

"మా బిడ్డ వనపర్తి హాస్టల్ల ఉండి ఎనిమిది సదువుతున్నది."

"బిడ్డకు గూడ కాదు. నీ గురించి!"

"మా అత్తకు షుగరు..."

సౌజన్య నుదురు కొట్టుకుంది. "సరే, అది ఇడిసిపెట్టు. ఇంతకుముందు ఏమన్న పని చేసిన్రా?"

"లేదు సార్. ఇంట్లనే ఉంట."

అనేసింది గానీ, ఆ మాట నోట్లోంచి తన గొంతుతో వచ్చినా అది తనది కాదని అనుమానమేసింది. ఎవరిది? సర్వేకు వచ్చిన పంతులమ్మ గడపలో నిలబడి "ఆమె ఏం పని చేస్తది?" అని అడిగిన రోజు గుంటలోంచి మల్లికార్జున్ అన్న మాట. "ఆమెనా? ఏం చేయదు మేడమ్, ఇంట్లనే ఉంటది." ఆ నిమిషాన వసంత రాట్నం మీద ఆయన చీరకే కండెలు చుడుతోంది. రాట్నం చప్పుడుకు పంతులమ్మకు మాట వినబడక, "కొంచెం ఆపమ్మా," అంటే ఆపింది కూడా. ఆపి, తాను ఏమీ చేయనని ఆయన చెబుతుంటే నిశ్శబ్దంగా విన్నది. అప్పుడు కోపం రాలేదు. అదే ఇప్పుడు అర్థం కావడం లేదు, ఎందుకు రాలేదు? పట్టు ఇచ్చి చీరలు నేయించుకునే సావుకారి మడత విప్పి చూసి, "మల్లికార్జున్‌ది బంగారు చెయ్యి," అన్నప్పుడూ పక్కనే నిలబడి మురిసింది. ఆ చీరలో ఆమె అతకని పోగు ఒక్కటి లేదు, ఆమె చుట్టని దారం ఒక్కటి లేదు, అయినా మురిసింది. మరి ఎవరి గురించి చెప్పాలి రేపు? వసంత అనే మనిషి ఎక్కడుందో కనబడితేనే కదా ఆమె గురించి చెప్పడం. పెనం మీద రొట్టె మాడు వాసన కొట్టింది.

ఆ వాసనకు ఇంట్లోవాళ్లంతా వచ్చారు, వచ్చినవాళ్లు ఊరికే పోతారా, తలొక సలహా ఇచ్చారు.

"కండ్లల్లకు సూసి మాట్లాడాలె," అంది సౌజన్య.

"ఏం అవసరం లేదు. తల దించుకొని మాట్లాడు. మర్యాదున్న ఇంటి ఆడిది అని తెల్వాలె వాళ్లకు," అన్నాడు మల్లికార్జున్.

"ఎందుకొచ్చినవంటే, మా ఇంట్ల ఏం తక్కువ లేదు, ఊకె పొద్దుపోక వచ్చిన అని చెప్పు," అంది సత్తెమ్మ.

"అట్లంటె వాపస్ పంపిస్తరమ్మా! అవసరం ఉన్నది అనాలె," అంది సౌజన్య.

"అవసరం ఉన్నదంటె నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు మల్లికార్జున్. "అయిదు గంటలకు ఇంట్ల ఉండాలె, పండుగలకు రాను, మా అత్తకు బాగలేకుంటె రాను అని ముందే చెప్పు. తర్వాత పరేషాన్ ఉండొద్దు."

"జర నవ్వు అక్కా. మరీ ఎక్కువ నవ్వకు."

వసంత అందరి మాటలూ విన్నది. తల దించుకుని కళ్లల్లోకి చూడాలి. అవసరం ఉండాలి, ఉండకూడదు. నవ్వాలి, కానీ మర్యాదగా. ఇన్ని పాటించాలంటే మనిషికి రెండు మొహాలైనా ఉండాలి, లేదంటే మొహమే ఉండకూడదు. ఆమె మాడిన రొట్టె తన పళ్లెంలో వేసుకుని, మంచివి వాళ్లకు పెట్టింది.

తెల్లవారకముందే అతుకు మీద కూర్చుంది. మగ్గం వెనక, నేల మీద, గోడకు మొహం చేసి. ఆమె చోటు ఎప్పుడూ అదే. కుడిచేత పాత పోగు, ఎడమచేత కొత్త పోగు, బూడిద, మెలిక. నా పేరు వసంత సార్. మెలిక. నేను ఇంటర్ చదివిన. మెలిక. నాకు అనుభవం. మెలిక. అనుభవం... అక్కడికి వచ్చేసరికి పోగు జారిపోయేది, మళ్లీ పట్టుకోవాల్సి వచ్చేది. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. గోడ గడియారం పది దాటింది. చూస్తే పోగులు సగానికి సగం వేలాడుతూనే ఉన్నాయి.

మల్లికార్జున్ గుంటలో కాళ్లు వేలాడేసుకుని తన చోట కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"అయితలేదు," అంది వసంత.

"అదే నేను గూడ సూస్తున్న," అన్నాడు ఎంతో బాధగా. "పోనీ సౌజన్యతోని ఫోన్ చేయించు, ఇంకో రోజు వస్త అని. దుకాణం ఏడికన్న పోతదా?"

"మిగిలింది నువ్వు అతకరాదూ."

ఆయన తనను విమానం నడపమన్నట్టు చూశాడు. "నేనా? మగోళ్ల వేళ్లు మొద్దుగుంటయే. అతుకు మాకు రాదు. మా తాతకు రాలే, మా నాయినకు రాలే. అది ఆడోళ్ల వేళ్లకే దేవుడు ఇచ్చిన..."

అప్పుడే ఆయన వైపున ఒక పోగు టప్పున తెగింది. వసంత ఎక్కడో గట్టిగా లాగినట్టుంది. మల్లికార్జున్ మాట ఆపలేదు, చూపు కూడా తిప్పలేదు. చాయ్ గ్లాసు ఎడమచేతిలోంచి దించి, తెగిన రెండు కొనలూ పట్టుకుని, బూడిద అద్ది, బొటనవేలితో ఒక్క మెలిక పెట్టి వదిలేశాడు. గ్లాసు మళ్లీ అందుకున్నాడు. "...ఇచ్చిన విద్దె అది. మగోళ్లు పట్టుకుంటే సగం పోగులు తెగుతయి."

వసంత ఆ పోగును చూస్తూ ఉండిపోయింది. చక్కటి మెలిక. తన మెలికకూ దానికీ తేడా వెతికినా దొరకదు. నేసేటప్పుడు రోజుకు ఎన్నిసార్లు తెగుతాయి పోగులు, అవన్నీ ఎవరతుకుతారు? గుంటలో కూర్చున్నవాడే కదా. ఇన్నేళ్లుగా ఆ దారాల సందుల్లోంచి ఆయన వేళ్లు అతుకుతుంటే చూస్తూనే, ఆయనకు అతకడం రాదని నమ్మింది. తానెట్లా నమ్మింది? ఆయన ఎట్లా నమ్మాడు? ఆయనకు నిజంగానే తెలియదా, తన చేతులు ఏం చేస్తున్నాయో? నవ్వాలో ఏడవాలో తెలియక, బూడిద చేతులతోనే లేచి నిలబడింది.

"ఏడికే?" అంది గడపలో కూర్చున్న సత్తెమ్మ. "నడుమ లేస్తవా? మా అత్త అమృతమ్మ బిడ్డను కనుకుంట గూడ..."

"అత్తా," అంది వసంత. ఎదురు చెప్పడానికి కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగింది. "నొప్పులు వస్తుంటే గూడ, ఇంట్ల ఇంతమంది ఉండి, ఆమెను ఒక్కలు గూడ లేవనియ్యలేదా?"

సత్తెమ్మ చెయ్యి గాలిలో తిరగబోయి ఆగింది. ఆ కథ ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే లెక్క లేదు. ఒళ్లో బిడ్డ ఉన్నాడు, బొడ్డున పట్టుదారం ఉంది, బూడిద ఉంది. కథలో ఎవరో ఒకరు వచ్చి ఆ బాలింతను లేవదీసే చోటు కోసం వెతికినట్టుంది, దొరకలేదు.

వసంత చీర మార్చుకుని, సర్టిఫికెట్ సంచీలో పెట్టుకుని బయటికొచ్చింది. వెనక నుంచి మల్లికార్జున్ గొంతు లేచింది. "ఓ వసంతా! ఇదేంది గిట్ల నడుమ... సావుకారికి నేనేం చెప్పాలె? వసంతా, నిన్నే..."

ఆమె వెనక్కి తిరగలేదు. చెప్పు బకిలు పెట్టుకుంటోంది. ఎందుకు ఎత్తిందో ఆమెకూ తెలియదు, చూపుడు వేలు దానంతటదే పైకి లేచింది.

ఇంట్లో చప్పుడు ఆగింది.

వేలు దించాలంటే భయం, దించితే ఆ నిశ్శబ్దం పగులుతుందేమోనని. చివరికి సత్తెమ్మే మాట్లాడింది, ఎటో చూస్తూ.

"ఆ బూడిద చేతులు కడుక్కొని పో. గల్లా కాడ కూసునేదానివి."

దుకాణం వెనక గదిలో సబ్బుల పెట్టెలు, నూనె డబ్బాల నడుమ బల్ల వేసుకుని ఒక అబ్బాయి కూర్చున్నాడు. మెడలో టై ఉంది, ముఖాన దయ కూడా ఉన్నట్టే ఉంది. "కూర్చోండి మేడమ్," అన్నాడు. కుర్చీ. వసంత అంచు మీద కూర్చుని, ఒక్క క్షణం ఆలోచించి, వెనక్కి ఆనుకుంది.

"మీ గురించి చెప్పండి."

తల దించుకో, కళ్లల్లోకి చూడు, అవసరం ఉంది, లేదు, నవ్వు, నవ్వకు. అన్నీ ఒక్కసారే వచ్చి, చిక్కుపడ్డ దారంలా ముడిపడ్డాయి. ఏ కొన పట్టుకుని లాగాలో తెలియలేదు. కడిగినా పోని బూడిద గోటి సందున సన్నటి గీతలా కనిపించింది. దాన్నే పట్టుకుంది.

"నా పేరు వసంత, సార్. ఇంట్ల అతుకు సగంల ఇడిసిపెట్టి వచ్చిన."

ఆ అబ్బాయి పెన్ను ఆగింది. "అంటే... ఇంట్లో పని మిగిలి ఉందా? మళ్లీ వెంటనే వెళ్లాలా?"

వెళ్లాలా? వసంతకు తెలియదు. ఈపాటికి ఇంట్లో ఏం జరుగుతోందో, ఆ వేలాడే పోగుల ముందు ఎవరు కూర్చున్నారో, అసలెవరైనా కూర్చున్నారో లేదో, ఏమీ తెలియదు. అయినా నోరు తెరిచింది. వచ్చిన గొంతు ఈసారి ఎవరిదో అనిపించలేదు.

"లేదు సార్. మిగిలిన సగం అతుకుడు మా ఆయనకు వస్తది."